ఎన్ని మార్కుల ప్రశ్న?

సాయంత్రం పని నుంచి రాగానే, చొక్కా అయినా విప్పకుండా, ప్రూఫ్‌రీడరు పాఠ్యపుస్తకం తీసుకుని కుర్చీలో కూర్చునేవాడు. ఎదురుగా కూతురు చేతులు కట్టుకుని నిలబడేది. ఆమె పాఠం అప్పజెబుతుంటే ఆయన చూపుడువేలు అక్షరాల కింద పాకుతూ పోయేది. ఒక్క మాట మారినా వేలు ఆగేది.

"'అందువల్ల' కాదు, 'కావున'. మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

అచ్చాపీసులో ఆయన చేసేదీ ఇదే. మూలప్రతిలో ఏముందో ప్రూఫులోనూ అదే ఉండాలి. అర్థం అడగడం ఆయన పని కాదు. ఎన్నడూ అడగలేదు. పిల్లను కూడా ఆయన ప్రూఫు దిద్దినట్టే పెంచాడు. బళ్ళో తోటిపిల్లలు ఆమెను 'క్యాసెట్టు' అని వెక్కిరిస్తే, అదేదో బిరుదన్నట్టు పదిమందికీ చెప్పుకుని మురిసిపోయాడు.

ఒకరోజు కూతురు గడగడా చెప్పుకుపోతోంది. "మంచుగడ్డ నీటికంటె బరువైనది. కావున నీటిపై తేలుతుంది."

వంటింట్లోంచి తల్లి తల బయటపెట్టింది. "అదేంటే? బరువైతే మునగాలి కదా!"

కూతురు బిత్తరపోయి తండ్రి వైపు చూసింది. ఆయన వేలు ఆ వాక్యం మీదే ఉంది. ఆ పుస్తకం ప్రూఫు చూసింది కూడా ఆయనే. రాసిన పెద్దమనిషి ప్రతిలోనే అలా ఉంది, ఆయన అలాగే పోనిచ్చాడు.

"పుస్తకంలో అలాగే ఉంది. నువ్వు నీ పని చూసుకోవే," అన్నాడు భార్యతో.

"ఉంటే మాత్రం? ఎదురింటి నుంచి గడ్డ తెచ్చి గ్లాసులో వేసి చూపించనా?"

"పరీక్షలో గ్లాసులివ్వరు."

పరీక్షలో ఆ జవాబుకు పూర్తి మార్కులు వచ్చాయి. దిద్దినవారి చేతిలోనూ అదే పుస్తకం ఉంది మరి. గ్యాసు పొయ్యి సరిగ్గా మండనప్పుడు తల్లి "ఇలా రావే, దీనికేమైందో చూద్దాం" అని పిలిచేది. తండ్రి పాఠం దగ్గర్నుంచి కదలనిచ్చేవాడు కాదు. మరుసటేడు ఆ తల్లి జ్వరంతో పోయింది. ఇంట్లో ఎందుకని అడిగే గొంతు పోయింది.

కూతురు పెద్దదై, పాల నాణ్యత పరీక్షించే చదువు చదివింది. అందులోనూ మొదటి స్థానమే. అప్పటికి అచ్చాపీసులో ప్రూఫులు చూసేందుకు యంత్రం వచ్చింది. "చేతిలో ఉన్న ఈ పుస్తకాలయ్యాక మీరు విశ్రాంతి తీసుకోండి మాస్టారూ," అన్నాడు యజమాని. ఇక ఆ ఇంటికి కూతురి ఉద్యోగమే దిక్కు.

పాల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగానికి పిలుపు వచ్చింది. తండ్రి వెంట వెళ్ళాడు. లోపలికి రానివ్వరేమో అనుకున్నాడుగాని, అక్కడి పెద్ద అధికారిణి శీతలగది బయట బల్ల చూపించి కూర్చోమంది. ఆ గది తలుపు పక్కనే కూతురిని నిలబెట్టింది.

"చూడమ్మా, ఈ గదిలోంచి వెళ్ళే పాలు విరిగిపోతున్నాయని జనం తిడుతున్నారు. పక్కగదిలోవి బాగానే ఉంటున్నాయి. రెండుచోట్లకీ వచ్చేవి ఒకే పాలు. ఎందుకిలా అవుతోందో చూసి చెప్పు."

కూతురు చేతులు కట్టుకుంది. "ప్రశ్న ఏంటి మేడమ్?"

"అదే ప్రశ్న."

"అంటే... ఎన్ని మార్కులకండీ?"

అధికారిణి నవ్వబోయి, పిల్ల ముఖం చూసి ఆగిపోయింది. బల్ల మీద తండ్రి మాత్రం తల ఊపాడు. మంచి ప్రశ్నే అడిగింది! మార్కులు తెలియందే జవాబు ఎంత చెప్పాలో ఎలా తెలుస్తుంది?

పాలు విరగడానికి కారణాలన్నీ ఆమె వరసగా చెప్పింది. ఒక్క మాట తడబడలేదు. తండ్రి చూపుడువేలు మోకాలి మీద దానంతట అదే కదిలింది.

"అన్నీ సరైనవేనమ్మా. ఈ పాలకి వాటిలో ఏది?"

ఆమె ఉన్నచోటు నుంచి కదల్లేదు. పక్కగదిలోకి తొంగి చూడలేదు, ఒక్క క్యాను మీద చెయ్యి వేయలేదు. మళ్ళీ మొదటి కారణం నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

అధికారిణి ఆమె చెయ్యి పట్టుకుని తలుపు అంచుకు ఆనించింది. చుట్టూ ఉండే రబ్బరు చిరిగి, సందులోంచి చలువంతా బయటికి పోతోంది.

"ఇంతసేపూ నీ కాళ్ళకి చల్లగాలి తగల్లేదూ?"

"తగిలింది మేడమ్."

"మరి చెప్పలేదేం?"

"అది జవాబులో ఉంటుందనుకోలేదండీ."

తండ్రి లేచి వచ్చాడు. "రేపు రమ్మనండమ్మా. రాత్రంతా కూర్చోబెట్టి చదివిస్తాను."

"ఏం చదివిస్తారండీ? రేపు చిరిగేది రబ్బరు కాదు, ఇంకేదో. మీ అమ్మాయి తెలివితక్కువది కాదు. తెలియనిది ఎదురైతే ముందు ఏం చూడాలో, ఎక్కడ చెయ్యి పెట్టాలో ఎవరూ నేర్పలేదు. ఇక్కడ నేర్పే తీరిక మాకు లేదు. పాలు ఆగవు."

దారిలో కూతురు ఒక్కటే అడిగింది. "నాన్నా, ఆ ప్రశ్న ఏ పుస్తకంలో ఉంది?"

ఆయన గబగబా ముందుకు నడిచాడు.

ఉద్యోగానికి పిలిచిన మరో రెండుచోట్లా అంతే అయింది. ఆపైన ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. ఇంట్లోనే ట్యూషను పెట్టింది. అన్నిట్లో మొదట వచ్చిన పిల్ల కదా, వీధిలోని తల్లులు ఎగబడ్డారు. ఇప్పుడు తండ్రి కుర్చీలో ఆమె కూర్చుంటుంది. ఆమె చూపుడువేలు అక్షరాల కింద పాకుతుంది.

ఒక సాయంత్రం ఎదురింటి చిన్నపిల్ల అప్పజెబుతూ మధ్యలో ఆగింది. "అక్కా, మంచుగడ్డ బరువైతే మునగాలి కదా?"

గుమ్మంలో ఉన్న తండ్రికి పోయిన భార్య గొంతు వినిపించినట్టయింది. వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. "ఉండమ్మా, మీ ఇంటి ఫ్రిజ్‌లోంచి గడ్డ తెస్తాను, వేసి చూద్దాం."

పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన తల్లి చిరాకు పడింది. "ఇప్పుడవన్నీ ఎందుకు బాబాయిగారూ? రేపు పరీక్ష. మార్కులొస్తే చాలు."

"పుస్తకంలో అలాగే ఉంది," అంది కూతురు తల ఎత్తకుండానే. "మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

పిల్ల చేతులు కట్టుకుంది. మళ్ళీ అడగలేదు. ఆయన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

చదువరులారా, ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడం నేర్పి, ఎదురైన చిక్కును విప్పుకోవడం నేర్పని చదువు పిల్లల్ని అచ్చుకాగితాలు చేస్తుంది. తప్పు పడిన కాగితాన్ని మళ్ళీ అచ్చు వేసుకోవచ్చు, పిల్లల్ని వేయలేం.