గంట కింద తొమ్మిది నిమిషాలు

ఒటీలియా టీచరమ్మ, ఆమె భర్త కాసియన్ మా ఊళ్లో కోటగోడల నడుమ ఉన్న చర్చి చూడడానికి జూన్ నెలలో ఒక గురువారం వచ్చారు. గడ్డికోతల రోజులు కావడంతో ఊరు ఊరంతా పొలాల్లో ఉంది. నేను వాకిట్లో కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాను. చర్చి తాళాలు నా దగ్గరే ఉంటాయి. ఈ చర్చి కట్టుకున్న జర్మన్లలో ఊళ్లో మిగిలిన ఆఖరి ముసలావిడ పదహారేళ్ల కిందట వాటిని నా చేతిలో పెట్టి కన్నుమూసింది. నాది వాళ్ల చర్చి కాదు, వాగు అవతల ఉన్న ఆర్థొడాక్స్ గుడి. అయినా దాన్ని ఊడ్చేదీ, వచ్చినవాళ్లకు చూపించేదీ నేనే.

టీచరమ్మ పొడుగ్గా, పుల్లలా ఉంది. మెడలో కెమెరా. గలాట్సి పట్నంలో ముప్ఫై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పిందట. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. పదకొండేళ్లుగా ప్రతి వేసవిలోనూ చిన్న కారేసుకుని చర్చిలు, కోటలు, కొండలు, సరస్సులు చూస్తూ దేశాలన్నీ తిరుగుతున్నారు.

గంటల గోపురం గుమ్మంలోకి రాగానే కాసియన్ అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాడు.

"మీరు రారా?" అని అడిగాను.

"ఆయనా? నిచ్చెన రెండో మెట్టు మీదే కళ్లు తిరుగుతాయి," అంది టీచరమ్మ. "ప్రాగ్‌లో రాలేదు, క్రాకోలో రాలేదు, స్ట్రాస్‌బర్గ్‌లో రాలేదు. యూరప్‌లో గోపురాలన్నీ నాకు తెలుసు, బెంచీలన్నీ ఈయనకు తెలుసు."

"అందరూ పైకెక్కితే సంచులకు కాపలా ఎవరే?" అన్నాడాయన నవ్వుతూనే. కానీ నెత్తిమీది చీకటి కన్నంలోకి పోయే నిచ్చెన వైపు చూసినప్పుడు ఆయన మొహంలో రంగు మారింది.

"మీ ఆవిడ గురించి భయం లేదండీ," అన్నాను. "గంటలు ఇప్పుడు మోటారుతో మోగుతాయి. మధ్యాహ్నం పన్నెండుకి, సరిగ్గా మూడు నిమిషాలు. మోటారు పెట్టె రెండో అంతస్తులో ఉంది. వెళ్తూ వెళ్తూ మోటారు తిరక్కుండా మీట దించేస్తాను. తాళంచెవి ఇదిగో," అని ఏప్రాన్ జేబు తట్టి చూపించాను.

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. పదీ ముప్ఫై అయిదు.

రెండో అంతస్తులో దూలాలకు పెద్ద పెద్ద ఇనప కొక్కేలున్నాయి. అవేమిటని టీచరమ్మ అడిగింది. ఒకప్పుడు ఊళ్లోవాళ్లంతా తమ పందిమాంసం అక్కడే వేలాడదీసేవారనీ, ఇంటింటికీ వేరే ముద్ర ఉండేదనీ, ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరి ముక్క వాళ్లు కోసుకునేవారనీ చెప్పాను. ఒకడు పక్కింటివాడి ముక్కకు తన ముద్ర గుద్దుకుని పట్టుబడ్డ కథ కూడా చెప్పాను. టీచరమ్మ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ మోటారు పెట్టె పక్కనుంచే నడిచి మూడో నిచ్చెన ఎక్కేశాను. మీట దించలేదు.

ముందురోజు సాయంత్రం ఉరుములకు కరెంటు పోయి వచ్చింది. ఆ దెబ్బకు పెట్టెలోని గడియారం చెడి గంటకు పైగా ముందుకు పోయిందని ఆ సమయానికి నాకు తెలియదు.

పై గదిలో మూడు గంటలు వరసగా ఉంటాయి. పెద్దది ఎనిమిది వందల కిలోలు, దాని అంచు నేలకు మోకాలెత్తున ఉంటుంది. నిచ్చెన వచ్చే కన్నం ఒక గోడ దగ్గర, కిటికీ ఎదురు గోడకు. మధ్యలో పెద్ద గంట. కదలకుండా ఉన్నప్పుడు పక్కనుంచి ఒక మనిషి నడవచ్చు. ఊగితే మాత్రం అటు గోడ నుంచి ఇటు గోడ దాకా దానిదే.

మేము కిటికీ దగ్గర నిలబడ్డాం. కింద ఎర్ర పెంకుల ఇళ్లు, వాటి వెనక కోసిన గడ్డి చాళ్లు, ఎక్కడో దూరాన ఫగరాష్ కొండల మీద ఇంకా కరగని మంచు.

"దీనికోసమమ్మా నేను తిరిగేది," అంది టీచరమ్మ కెమెరా ఎత్తుతూ.

అప్పుడే నా వెనక గుర్రుమని చప్పుడైంది. ఆ చప్పుడు నేను పదహారేళ్లుగా కింద నుంచి వింటున్నాను. పై నుంచి వినడం అదే మొదటిసారి. మోటారు గొలుసు బిగుసుకుంది. పెద్ద గంట నిద్రలో ఒత్తిగిలినట్టు కొద్దిగా అటు కదిలింది.

మీట దించలేదన్న సంగతి ఆ క్షణాన గుర్తొచ్చింది. "గోడకి!" అని అరిచాను. టీచరమ్మ ఫోటో తీస్తూ "ఏంటీ?" అంది. రెండు చేతులతో ఆమెను తోశాను. కిటికీ పక్కన గోడకూ ఓక్ స్తంభానికీ మధ్య ఒక మూల ఉంది, ఒక్క మనిషి పడుతుంది. ఆమె వీపు అందులోకి పోయింది. ఇంకొకరికి చోటు లేదు. నేను నేలమీద బోర్లా పడ్డాను.

గంట మా మీదికి వచ్చింది.

మొదటి దెబ్బ చెవితో విన్నట్టు లేదు. పళ్లలో, పక్కటెముకల్లో, బొడ్డులో తగిలింది. గది నిండా కంచు మోత తప్ప గాలి లేనట్టయింది. పెద్ద గంట వెంట మిగతా రెండూ అందుకున్నాయి. తలతిప్పి చూస్తే టీచరమ్మ స్తంభాన్ని కౌగిలించుకుని కళ్లు మూసుకుని ఉంది. నోరు బార్లా తెరిచి ఉంది. అరుస్తోందని తెలుస్తోంది కానీ అరుపు వినబడలేదు. ఇటు ఊగినప్పుడల్లా గంట అంచు ఆమె రొమ్ముకు బెత్తెడు దూరంలో ఆగి వెనక్కు పోతోంది. కెమెరా అప్పటికే దానికి తగిలి ముక్కలైంది.

మూడు నిమిషాలే కదా అనుకున్నాను. 'పరలోకమందున్న మా తండ్రీ' ఒకసారి చదివితే అర నిమిషం పడుతుంది. ఆరుసార్లు చదివాను. ఆగలేదు. ఏడోసారి చదివాను, ఎనిమిదోసారి చదివాను. మూడు నిమిషాలకు దానంతటదే ఆపాల్సిన స్విచ్చి పెట్టెలో అతుక్కుపోయిందని ఆ తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం ఇది ఇక ఎప్పటికీ ఆగదేమో అనిపించింది. టీచరమ్మ మోకాళ్లు వణుకుతున్నాయి. అవి మడత పడితే ఆమె ముందుకు తూలుతుంది. తూలితే ఏమవుతుందో ఆలోచించలేకపోయాను.

గంట కిందుగా పాకి అవతలి నిచ్చెన అందుకుందామనుకున్నాను. చెంప నేలకు ఆనించి మోచేతుల మీద జరిగాను. గంట నా వీపు మీదుగా పోయినప్పుడల్లా గాలి జాకెట్టును పైకి లాగుతోంది. సగం దూరం పోయాక ఇంకెంత ఉందో చూద్దామని తల రవ్వంత ఎత్తాను. నెత్తిమీద ఏదో గీరినట్టయింది. తలగుడ్డ ఎగిరి గోడకు కొట్టుకుంది. వెంట్రుకల్లోంచి వెచ్చగా ఏదో చెవి మీదికి కారింది.

అంతే, నాలో ధైర్యం అన్నది చుక్క కూడా మిగల్లేదు. ముందుకూ పోలేను, వెనక్కూ పోలేను. అరవై మూడేళ్లదాన్ని, పొయ్యి దగ్గర పిల్లి పిల్లలా ముడుచుకుని ఆ గంట కింద పడి ఏడ్చాను.

నా ముక్కు దగ్గర నేల చెక్కలో పిడికిలంత కన్నం ఉంది. గంటలను చేత్తో మోగించే కాలంలో తాడు దిగిన కన్నం. తాడు తీసేసి నలభై ఏళ్లయింది, కన్నాలు మాత్రం ప్రతి అంతస్తులోనూ అలాగే ఉన్నాయి. కన్ను ఆనించి చూస్తే కింద ఇంకో కన్నం, దాని కింద ఇంకోటి, అన్నిటికన్నా కింద బియ్యపుగింజంత వెలుగు. కాసియన్ కూర్చున్న గుమ్మం అది.

ఏప్రాన్ జేబులోంచి తాళాల గుత్తి తీశాను. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి కన్నంలోంచి వదిలాను. పడిందో, మధ్యలో ఏ అంతస్తులో చిక్కుకుందో తెలిసే దారి లేదు.

కింద ఏం జరిగిందో కాసియన్ చెప్పాకే మాకు తెలిసింది. మొదటి దెబ్బకే ఆయన గడియారం చూశాడు. పదీ యాభై. రైల్వే మనిషి కదా, వేళకాని వేళ గంట మోగితే ఎక్కడో ఏదో తప్పిందని అర్థం. మూడు నిమిషాలు ఓపిక పట్టాడు. ఆగకపోయేసరికి బయటికి పరుగెత్తి కేకలు వేశాడు. అప్పటికే గడ్డి పొలాల నుంచి జనం వస్తున్నారు. మా ఊళ్లో గంట ఆగకుండా మోగితే ఒకటే అర్థం, ఎవరిదో ఇల్లు అంటుకుంది. బకెట్లు, పారలు, ఒకడి చేతిలో ఉత్త పాల క్యాను. అందరికీ ముందు మా పక్కింటి గ్లిగోర్.

"మంట ఎక్కడ? ఎవరి కొట్టం?" అని కాసియన్ చొక్కా పట్టుకున్నాడట.

"మంట కాదయ్యా! పైన మా ఆవిడ ఉంది!"

"మీ ఆవిడకు అంటుకుందా?"

ఆ మోతలో ఎవరి మాట ఎవరికి వినబడుతుంది? పైనుంచి సాఫ్తక్క, అంటే నేను, మంట చూసి గంట కొడుతోందనుకుని వాళ్లంతా నీళ్లకోసం వాగువైపు పరుగెత్తారు. కాసియన్ ఒక్కడే మళ్లీ గుమ్మంలోకి వచ్చాడు. అప్పుడు ఆయన బూట్ల ముందు తాళాల గుత్తి పడింది.

రెండో అంతస్తులో పెట్టె, పైకెళ్తూ మీట దించేస్తాను. నేను చెప్పిన ఆ మాట ఆయనకు గుర్తుంది. నిచ్చెన వైపు చూశాడు. కిందికి చూడకుండా, కళ్లు గట్టిగా మూసుకుని, మెట్లు చేత్తో తడుముకుంటూ ఎక్కాడు. మధ్యలో ఒకసారి వాంతి చేసుకున్నాడు. రెండో నిచ్చెన మీద కాలు జారి మోకాలు చీరుకుపోయింది. పెట్టె తాళానికి గుత్తిలోని పదకొండు చెవుల్లో తొమ్మిదోది పట్టింది. లోపల ఏ మీట ఏదో తెలియక అన్నీ దించేశాడు. అప్పటికి గంట మొదలై తొమ్మిది నిమిషాలు.

మోటారు ఆగినా గంట వెంటనే ఆగదు. ఊపు తగ్గుతూ తగ్గుతూ, లోపలి నాలుక అంచుకు తగలకుండా పోయేదాకా ఇంకాసేపు పట్టింది. ఆగిందని కూడా నాకు తెలియలేదు. చెవుల్లో మోత అలాగే ఉంది. ఎవరో నా భుజం పట్టుకున్నారు. చూస్తే టీచరమ్మ. ఇద్దరం నిచ్చెన కన్నం దాకా పాకుతూనే వెళ్లాం. మూడో నిచ్చెన మొదట్లో, బల్లిలా గోడకు అతుక్కుని కాసియన్ నిలబడి ఉన్నాడు. భార్యను చూసి ఏదో అన్నాడు. ఆమె వినబడక "ఏంటీ?" అని అరిచింది. ఆయన ఆమె చీలమండ పట్టుకుని వదల్లేదు. అలాగే పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు.

వాళ్లను మా ఇంటికి తీసుకువచ్చాను. గ్లిగోర్ భార్య నా నెత్తిమీది గాయం ట్సుయికా సారాతో కడిగి కట్టు కట్టింది, మిగిలింది తలా ఒక గుక్క పోసింది. మొక్కజొన్న సంకటి, పుల్లటి చిక్కుడుగింజల సూప్ వడ్డించాను. వాకిట్లో బకెట్లతో జనం నిలబడే ఉన్నారు.

"ఆ కరెంటు పెట్టె బిగించినవాణ్ని ఈ గోపురానికే వేలాడదియ్యాలి," అంటున్నాడు గ్లిగోర్. అందరూ అవునవునన్నారు. టీచరమ్మ కూడా తల ఊపింది.

నేను నోరు మూసుకుని ఉంటే అది అంతటితో పోయేది. గంట కింద వేసినదానికన్నా వేరే రకం భయం వేసింది.

"మీట నేను దించలేదు," అన్నాను.

"ఏంటీ?" అంది టీచరమ్మ చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని.

"మీట నేను దించలేదు! మాటల్లో పడి మర్చిపోయాను! తప్పు నాది!"

అంత గట్టిగా అరిస్తే గాని ఆమెకు వినబడలేదు. వాకిట్లోవాళ్లకూ వినబడింది. గ్లిగోర్ బకెట్ కింద పెట్టాడు. కోప్పడింది కాసియన్. పొద్దుటినుంచీ నవ్వుతూ మాట్లాడిన మనిషి చెంచా పడేశాడు.

"నా ఎదురుగా చెప్పావు. జేబు తట్టి చూపించావు. ఆ మాట నమ్మే ఆమెను పంపించాను."

ఆయన లేచి భార్య చెయ్యి పట్టుకున్నాడు. సూప్ సగంలోనే వదిలి వెళ్లిపోయారు. గుమ్మం దాటుతూ టీచరమ్మ వెనక్కి తిరిగి, "తల డాక్టరుకు చూపించుకోండి," అంది. ఆ తరవాత వాళ్ల నుంచి ఉత్తరం రాలేదు. రావాలని అనుకునే హక్కు నాకు లేదు.

చర్చి వ్యవహారాలు చూసే పాస్టరు పట్నం నుంచి వచ్చినప్పుడు ఆయనకూ ఉన్నదున్నట్టు చెప్పి తాళాలు బల్ల మీద పెట్టాను. ఆయన ఇంకెవరూ లేరు కాబట్టి నన్నే ఉండమన్నాడు. గంటల చుట్టూ ఇనప జాలీ వేయించాడు. ఎవరు పైకెక్కినా ఒక మనిషి పెట్టె దగ్గర నిలబడి ఉండాలని నియమం పెట్టాడు. ఆ మనిషి గ్లిగోర్. నా ఎడమ చెవికి మాత్రం వినికిడి తిరిగి రాలేదు.

దాదాపు సంవత్సరం పాటు పైకి పోలేదు. మళ్లీ మే నెలలో బ్రషోవ్ పట్నం నుంచి పదిమంది వచ్చారు. మూడో నిచ్చెన దగ్గరికి వచ్చాక ముందుకు పోలేకపోయాను. మెట్టు మీద కూర్చుండిపోయాను.

"గ్లిగోర్! మీట దించావా?"

"దించానక్కా."

"ఇంకోసారి చూడు!"

"చూశాను!"

"చెయ్యి పెట్టి చూడు!"

"మూడోసారి అడుగుతున్నావు సాఫ్తక్కా! దించిన మీట మీద ఎక్కి కూర్చోమంటావా?"

బ్రషోవ్ వాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. నాలుగోసారి కూడా అడిగి, అతను విసుక్కుంటూ "దించానమ్మా తల్లీ!" అన్నాకే రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాను.