రెండో గోల్‌కీపరు

సున్నం బండి చక్రం తిరిగిన ప్రతిసారీ కుయ్యిమంటోంది. ఐగిల్ దాన్ని పడమటి మూల జెండా దగ్గర్నుంచి తోసుకుంటూ వస్తున్నాడు. సముద్రం వైపు నుంచి వీచే గాలి సున్నాన్ని తిన్నగా గడ్డి మీద పడనివ్వదు. ముందు అతని ప్యాంటు మీదా, చెక్క జోళ్ల మీదా చల్లి, మిగిలింది కింద వేస్తుంది. అందుకని గీత ఉండాల్సిన చోటికి బెత్తెడు ఎడంగా బండి నడపడం అతను ఎప్పుడో నేర్చుకున్నాడు. గాలి ఉన్నట్టుండి ఆగితే మాత్రం గీత పక్కకి పొట్ట పెడుతుంది. రావ్న్‌కేర్ మైదానానికి ఆ పొట్ట ఉందని జిల్లాలో రిఫరీలందరికీ తెలుసు. కొత్తలో కసిరేవాళ్లు. తరవాత తరవాత కాఫీ తాగి ఊరుకునేవాళ్లు.

ఐగిల్ పొడుగు మనిషి. అరవై ఏడేళ్లకి నడుం కొంచెం వంగింది గానీ చేతులు మాత్రం ఇంకా మోకాళ్ల దాకా వేలాడుతుంటాయి. అరచేతులు తెడ్లలా ఉంటాయి. ఆ చేతులు చూసే కుర్రతనంలో అతన్ని క్లబ్బులో గోల్‌కీపరుగా తీసుకున్నారు. కాకపోతే రెండో గోల్‌కీపరుగా. మొదటివాడు వెర్నర్. వెర్నర్‌కి జబ్బు చేస్తేనో, దెబ్బ తగిలితేనో ఐగిల్ ఆడాలి. ఇరవై రెండేళ్ల పాటు ఐగిల్ ప్రతి ఆదివారం జెర్సీ తొడుక్కుని బెంచీ మీద కూర్చున్నాడు. వెర్నర్ జ్వరంతో ఆడాడు. వేలు విరిగితే కట్టు కట్టుకుని ఆడాడు. తన పెళ్లినాడు పెళ్లికూతుర్ని చర్చి నుంచి తిన్నగా మైదానానికి తీసుకొచ్చి ఆడాడు. ఒకసారి నడుం పట్టేస్తే గోలు కర్రకి ఆనుకుని ఆట మొత్తం కానిచ్చాడు. ఐగిల్ ఒక్క ఆట కూడా ఆడలేదు. బెంచీ మీద అతను కూర్చునే చోట చెక్క అరిగి పల్లం పడింది. క్లబ్బువాళ్లు కొత్త బెంచీ వేయించిన ఏడు అతను ఎక్కడ కూర్చోవాలో తెలియక కొన్నాళ్లు ఇబ్బంది పడ్డాడు.

మిగతా రోజుల్లో సహకార పాలకేంద్రంలో క్యాన్లు కడిగేవాడు. అది మూతపడ్డాక మైదానం చూసుకునే పని ఇచ్చారు. గడ్డి కొయ్యడం, గీతలు గియ్యడం, కుందేళ్లు తవ్విన బొరియలు పూడ్చడం.

అసలు ఆ క్లబ్బు పుట్టిందే పాలకేంద్రంలో. వెయ్యిన్నీ తొమ్మిదివందల ఇరవై నాలుగులో రావ్న్‌కేర్ వాళ్లూ, పక్కనే ఉన్న ఎల్‌స్ట్రుప్ వాళ్లూ కలిసి పెట్టుకున్నారు. జున్ను వడకట్టే గుడ్డని ఉల్లితొక్కల రంగులో ముంచి చొక్కాలు కుట్టించుకున్నారు. వాన పడితే ఆటగాళ్లందరూ పసుపుపచ్చగా కారేవాళ్లు. బంతి ఒక్కటే ఉండేది. ఒక వారం ఈ ఊళ్లో, ఒక వారం ఆ ఊళ్లో. రెండో ఏడు ఎల్‌స్ట్రుప్‌కి వెళ్లిన బంతి తిరిగి రాలేదు. కాజేశారని రావ్న్‌కేర్ వాళ్లు, ఆవు నమిలేసిందని ఎల్‌స్ట్రుప్ వాళ్లు. క్లబ్బు రెండు ముక్కలైంది. జర్మన్ సైన్యం వచ్చి కూర్చున్న అయిదేళ్లూ రెండు ఊళ్లూ ఒకరికొకరు బంగాళాదుంపలు పంపుకున్నారు, మనుషుల్ని దాచిపెట్టుకున్నారు. బంతి మాట వస్తే మాత్రం బల్ల దగ్గర్నుంచి లేచిపోయేవాళ్లు.

ఇప్పుడు లేచిపోవడానికి కూడా మనుషులు చాలడం లేదు. రెండు క్లబ్బుల్లోనూ పదకొండు మందిని పోగెయ్యడం గగనమైపోయింది. అందుకని మళ్లీ ఒక్కటైపోదామనుకున్నారు. ఈ మధ్యాహ్నం రెండింటి మధ్యా ఆఖరి ఆట. సాయంత్రం సభ. సభలో తేలవలసింది ఒకటే. కొత్త క్లబ్బుకి ఏ ఊరి పేరు ముందు రావాలి?

ఆ గొడవ ఐగిల్ వంటింట్లో పొద్దున్నే మొదలైంది. అతని భార్య మార్గిట్ ఎల్‌స్ట్రుప్ ఆడపడుచు. పుట్టింటి క్లబ్బులో ఇప్పటికీ సభ్యురాలే.

"ఇవాళ చెయ్యి ఎటు ఎత్తుతావు?" అంది, రై రొట్టె మీద లివర్ పేస్టు రాస్తూ.

"చూద్దాం."

"చూద్దాం ఏంటి? నలభై ఏళ్లుగా ఎల్‌స్ట్రుప్ పిల్ల చేతి కూడు తింటున్నావు."

"నలభై ఏళ్లుగా దొంగల ఊరి అల్లుడని కూడా అనిపించుకుంటున్నాను."

"నమిలింది ఆవు. మా తాతయ్య ఆవు. దానికో పేరు కూడా ఉంది."

"ఏం పేరు?"

మార్గిట్ కత్తి ఆపి ఒక్క క్షణం ఆలోచించింది. "నీకెందుకు చెప్పాలి?" అంది. రొట్టె అతని ముందుకి తోసింది. దాని మీద ఊరబెట్టిన దోసకాయ ముక్కలు లేవు. ఆమెకి కోపమొచ్చిందని ఆ ఇంట్లో అలాగే తెలుస్తుంది.

ఐగిల్ దక్షిణం వైపు గోలు గీత గీస్తుండగా క్లబ్బు అధ్యక్షుడు హోల్గర్ పరిగెత్తుకొచ్చాడు. పందులు పెంచే మనిషి. తను కూడా బాగానే పెరిగాడు. మైదానం అడ్డంగా పడి వస్తున్నాడు.

"గీత తొక్కకు!" అని అరిచాడు ఐగిల్.

హోల్గర్ గాల్లో కాలు ఆపి, గీత దాటి, రొప్పుతూ నిలబడ్డాడు. "యెప్పె రావట్లేదు. పెళ్లానికి నొప్పులొస్తున్నాయి."

యెప్పె ఇప్పటి గోల్‌కీపరు.

"ఆట అయ్యేదాకా ఆగమనలేకపోయావా?"

"అడిగాను. ఆవిడే ఫోను లాక్కుని ఒక మాట అంది. ఆ మాట నేను మళ్లీ అనలేను."

"మరి గోల్లో ఎవరు?"

హోల్గర్ ఐగిల్ చేతులకేసి చూశాడు. ఐగిల్ కూడా చూసుకున్నాడు, అవి ఇంకెవరివో అన్నట్టు.

"నీ పేరు ఇంకా జట్టులోనే ఉంది. తీసెయ్యడం ఎవరికీ గుర్తు రాలేదు," అన్నాడు హోల్గర్.

"నాకు అరవై ఏడు."

"నిన్నెవరూ పరిగెత్తమనట్లేదోయ్. నిలబడు, చాలు."

ఐగిల్ మళ్లీ బండి పట్టుకున్నాడు. సగం గీసిన గీత వదిలేసి మాట్లాడటం అతనికి చేతకాదు. గీత పూర్తయ్యాక వెనక్కి తిరిగి, "గ్లౌజులు ఎవరివి?" అని అడిగాడు. హోల్గర్ అప్పటికే క్లబ్బు ఇంటి దాకా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి రెండు ఊళ్లూ కట్టగట్టుకుని వచ్చాయి. పసుపుపచ్చని ఆవపూల పొలం పక్కన కార్లు బారుగా ఆపారు. ఎర్ర సాసేజీలు ఉడికే వాసన మైదానమంతా కమ్మింది. యెప్పె పొట్టివాడు. వాడి జెర్సీ చేతులు ఐగిల్ మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. గోలు వెనక మడతకుర్చీ వేసుకుని వెర్నర్ కూర్చున్నాడు. తుంటి ఎముక మార్పించుకున్నాక అతను మైదానంలోకి రావడం మానేశాడు గానీ నోటికి మాత్రం ఆపరేషన్ కాలేదు.

"ముందుకి రా!" అని అరిచాడు, ఆట మొదలవగానే.

ఐగిల్ ముందుకి వచ్చాడు.

"వెనక్కి పో!"

"ఏదో ఒకటి చెప్పరా!"

"నువ్వెటు పోయినా తప్పే. అందుకే రెండూ చెబుతున్నాను."

మొదటి గోలు అతని కాళ్ల సందులోంచి పోయింది. రెండోది ఇంకా చక్కగా అయింది. ఎల్‌స్ట్రుప్ పోస్టుమన్ తన్నిన బంతిని ఐగిల్ గాల్లోనే రెండు చేతులతో పట్టాడు. నిజంగానే పట్టాడు. రావ్న్‌కేర్ వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ సంతోషంలో అతను రెండడుగులు వెనక్కి వేశాడు. బంతితో సహా గీత దాటాడు. రిఫరీ ఈల వేశాడు. ఐగిల్ కాళ్ల కింద చూసుకుంటే, పొద్దున తను గీసినవాటిలో అదొక్కటే తిన్నగా వచ్చిన గీత.

"శెభాష్," అన్నాడు వెర్నర్. "వాళ్లకి శ్రమ తగ్గించావు."

రెండో సగంలో మరో రెండు పడ్డాయి. రావ్న్‌కేర్ రెండు కొట్టింది. కాసేపటికి ఎల్‌స్ట్రుప్ పోస్టుమన్ మళ్లీ ఒంటరిగా బంతితో దూసుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే ఐగిల్ కంటికి గోలు ముందు గడ్డిపెళ్ల ఒకటి లేచి కనిపించింది. బూటు తగిలి వేళ్లతో సహా ఊడొచ్చింది. దాన్ని అలా వదిలేస్తే రేపటికి ఎండిపోతుంది. ఐగిల్ ఇంకేమీ ఆలోచించలేదు. వంగి పెళ్లని చోట్లో పెట్టి అరచేత్తో అదిమాడు. పోస్టుమన్ బలమంతా పెట్టి తన్నిన బంతి అతని వీపు మీద ధడేలుమని పడి, లేచి, గోలు కర్ర పైనుంచి పొలంలోకి పోయింది.

రెండు ఊళ్లూ ఒక్కసారిగా అరిచాయి. ఎల్‌స్ట్రుప్ వైపు నుంచి ఒక ఆడగొంతు అందరికంటే పైకి లేచింది. పక్కావిడ తిరిగి చూస్తే, కందిరీగ కుట్టిందని చెప్పింది మార్గిట్.

ఐగిల్ లేచి నిలబడి వీపు తడుముకున్నాడు. ముఖం ఎర్రబడింది. జనం తన పేరు పిలుస్తున్నారని అతనికి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. ఏం చెయ్యాలో తెలియక చెయ్యెత్తి, మళ్లీ దించేశాడు.

ఆట నాలుగు–రెండుతో పోయింది. ఓడినవాళ్లూ గెలిచినవాళ్లూ ఒకే బీరు పెట్టె చుట్టూ చేరారు. ఐగిల్ మాత్రం బెంచీ మీద కూర్చున్నాడు. అలవాటైన చోటు. వెర్నర్ కర్ర పొడుచుకుంటూ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. రెండు సీసాలు తెచ్చాడు.

"నేనైతే చేతుల్తో పట్టేవాణ్ని," అన్నాడు.

"తెలుసు."

ఇద్దరూ తాగారు. గాలి తగ్గింది. పొలం మీద భరతపక్షి ఒకటి ఎగురుతూ కూస్తోంది.

"జ్వరమొచ్చినప్పుడు కూడా ఎందుకు ఆడేవాణ్నో తెలుసా?" అన్నాడు వెర్నర్, ఎటో చూస్తూ.

"ఆటంటే పిచ్చి."

"గాడిదగుడ్డేం కాదు. నువ్వు ఆడతావని భయం."

"నేను ఆడితే ఏంట్రా?"

"బాగా ఆడితే? ఆ చేతులేసుకుని ఒక్క ఆట బాగా ఆడావనుకో, నన్ను మళ్లీ పిలుస్తారా? ప్రతి శనివారం రాత్రీ పడుకునే ముందు నీ చేతులే గుర్తొచ్చేవి. నా పెళ్లానికి కూడా చెప్పలేదు."

ఐగిల్ అతనికేసి తిరిగాడు. ఇరవై రెండేళ్లు. అతను బెంచీ మీద కూర్చుని సాసేజీ తింటుంటే, అవతల గోలు మధ్యలో నిలబడిన మనిషి తనని చూసి భయపడుతున్నాడు. ప్రపంచంలో తనంటే ఎవరైనా భయపడొచ్చని అతనికి ఎన్నడూ తట్టలేదు. కుక్కలు కూడా అతన్ని చూసి తోకాడించేవి. ముందు గొంతులో చిన్న శబ్దం వచ్చింది, తరవాత భుజాలు కదిలాయి, తరవాత బెంచీ అంతా ఊగేలా నవ్వాడు. వెర్నర్ కాసేపు ఓర్చుకుని, తనూ నవ్వాడు.

"ముందే చెప్పొచ్చు కదరా," అన్నాడు ఐగిల్ కళ్లు తుడుచుకుంటూ.

"చెబితే ఆడేవాడివి."

నవ్వి నవ్వి ఎడమ భుజం పట్టేసిందన్నాడు ఐగిల్. బంతి దెబ్బ అన్నాడు వెర్నర్.

సభ క్లబ్బు ఇంట్లో జరిగింది. ఎండ ఇంకా కిటికీల్లోంచి ఏటవాలుగా పడుతోంది. రావ్న్‌కేర్ వాళ్లు ఒక పక్కా, ఎల్‌స్ట్రుప్ వాళ్లు ఒక పక్కా కూర్చున్నారు, మధ్యలో కాఫీ. యెప్పె ఫోను చేశాడు. ఆడపిల్ల. అది ఏ ఊరి పిల్ల అవుతుందని కాసేపు వాదన జరిగింది. తరవాత హోల్గర్ బల్ల మీద చెంచాతో కొట్టి, రావ్న్‌కేర్ పేరు ముందు ఉండాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు. లెక్కపెట్టాడు. ఎల్‌స్ట్రుప్ వాళ్లని ఎత్తమన్నాడు. మళ్లీ లెక్కపెట్టాడు. సరిసమానం.

"ఎవరో ఒకళ్లు ఎత్తలేదు," అన్నాడు హోల్గర్ చుట్టూ చూసి. "ఐగిల్!"

ఐగిల్ మైదానం వైపు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. గడ్డం గుండెల మీద ఆనింది. తెడ్ల లాంటి అరచేతులు ఒళ్లో వెల్లకిలా ఉన్నాయి.

"నిద్రపోయుంటాడు," అంది మార్గిట్ అవతలి వరసలోంచి. "ఎటూ తేల్చకుండా ఉండటానికి బాగా దొరికింది సాకు."

అందరూ నవ్వారు. పక్కనున్న వెర్నర్ మోచేత్తో పొడిచాడు. మళ్లీ పొడవలేదు. అతని చేతి మీద చెయ్యి వేసి కొంచెంసేపు అలాగే ఉంచాడు. తరవాత తన టోపీ తీసేశాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. హోల్గర్ చెంచాని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు. మార్గిట్ లేచి, మధ్యలో ఉన్న కాఫీ బల్లని చుట్టి రాకుండా, దాన్నే పక్కకి తోసుకుంటూ వచ్చింది.

గుండె అన్నాడు డాక్టరు. పొద్దున్నించీ నొప్పి ఉండే ఉంటుందన్నాడు. మార్గిట్ కాదంది. పొద్దున్నించీ తను తిట్టడం తప్ప అతనికి ఏ నొప్పీ లేదంది.

అంత్యక్రియలైన మర్నాడు సభ మళ్లీ పెట్టారు. మార్గిట్ వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. ఎల్‌స్ట్రుప్ వైపే కూర్చుంది. హోల్గర్ గొంతు సవరించుకుని, రావ్న్‌కేర్ ముందు ఉండాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు. మార్గిట్ చెయ్యి లేచింది. ఎల్‌స్ట్రుప్ వాళ్లు ఆమెకేసి చూశారు, తరవాత కాఫీ కప్పుల్లోకి చూశారు. ఒక్కరూ కాదనలేదు.

"నిజంగానేనా, మార్గిట్?" అన్నాడు హోల్గర్.

"రాసుకో. దీంతో బంతి సంగతి నేనేదో ఒప్పేసుకున్నానని మాత్రం ఎవరూ అనుకోవద్దు."

సభ తొందరగా ముగిసింది. ఆ ఇంట్లోకి బురద రానివ్వరు. అందరూ బూట్లు గడప బయటే విప్పి లోపలికి రావాలి. వాన వెలిసిన ఆ సాయంత్రం జనం ఒకరి భుజం ఒకరు పట్టుకుని తమ తమ బూట్లు వెతుక్కుని, తొడుక్కుని, రెండు ఊళ్ల దారిన వెళ్లిపోయారు. చివర్న మార్గిట్ వచ్చింది. తన జత తొడుక్కుంది. గోడవారన ఇంకా ఒక జత మిగిలి ఉంది. పెద్ద చెక్క జోళ్లు, మడమల దగ్గర అరిగినవి, ఎడమదాని లోపల మడిచిపెట్టిన అట్టముక్క తడిసి ఉబ్బి ఉంది. ఆ వారమంతా వాటిని ఎవరూ ముట్టుకోలేదు. మార్గిట్ వంగి, ఎడమదాంట్లోని నీళ్లు ఒంపేసి, దాన్ని మళ్లీ కుడిదాని పక్కన పెట్టింది.