చెప్పొద్దన్న పోలీసు

గది గడియ నేనే పెట్టుకున్నాను. ఫోన్‌లో ఉన్న పోలీసు పెట్టమన్నాడు, పెట్టాను. కిటికీలు కూడా మూయమన్నాడు, మూశాను. మా వీధి చివర రాళ్ళు చెక్కే ఉలుల చప్పుడు ఆయనకి అడ్డమట. మా దుర్గి వైపు మిరపకాయలు ఎండే రోజుల్లో, నాపరాళ్ళ కప్పు కింద, కిటికీలు మూసుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో ఆ కప్పు కింద కాపురం చేసినవాళ్ళకే తెలుసు.

వీడియోలో ఖాకీ చొక్కా, భుజం మీద నక్షత్రాలు, వెనకాల జెండా. చూస్తే పెద్ద ఆఫీసరే.

"కొండమ్మగారూ, మీ అబ్బాయి బ్రహ్మయ్య పేరు మీద గంజాయి పార్సిల్ దొరికింది. అతను మా దగ్గరే ఉన్నాడు. మీరు కూడా ఇప్పుడు అరెస్టులో ఉన్నట్టే. ఫోన్ ముందు నుంచి కదలకూడదు. ఎవరికీ చెప్పకూడదు. చెప్పారంటే మీవాడు ఇక బయటికి రాడు."

మావాడు, కోడలు కృష్ణకుమారి తెల్లారగట్లే మిరపకాయల బస్తాలు, టిక్కీలంటాం మేము, వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి పోయారు. వాడికి ఫోన్ చేద్దామంటే ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. దాంట్లో ఈయన కూర్చున్నాడు.

ఎలా నమ్మావు అని తర్వాత అందరూ అడిగారు. నా పేరు చెప్పాడు, మావాడి పేరు చెప్పాడు, ఆఖరికి పొలం నా పేరున ఉన్న సంగతి కూడా చెప్పాడు. పోలీసు కాకపోతే అవన్నీ ఎలా తెలుస్తాయి?

ఇంకో సంగతి కూడా ఉంది. మా ఊళ్ళో పార్టీల గొడవలు రగిలిన రోజుల్లో మగాళ్ళు కొండల్లోకి పోతే, ఇంట్లో ఆడవాళ్ళం గడియ పెట్టుకుని నోరు మూసుకునేవాళ్ళం. మా ఆయన గురవయ్య కోసం ఎన్నిసార్లు పోలీసు జీపు వచ్చిందో! ఎవరడిగినా ఒకటే మాట, నాకు తెలవదు. కన్నతల్లికి కూడా చెప్పలేదు. ఇంట్లో మగాడి ప్రాణం ఆడదాని నోట్లో ఉంటుందని మా అత్త నేర్పిన పాఠం. ఇప్పుడు కొడుకు ప్రాణం అంటే ఆ నోరు దానంతటదే మూసుకుపోయింది.

"సారూ, దాహంగా ఉంది. వసారాలో కడవ ఉంది, కాసిని నీళ్ళు తాగొస్తాను."

"కదలొద్దు."

చెంగుతో మెడ తుడుచుకున్నాను. దానికి కూడా గద్దించాడు, కెమెరాకి చెయ్యి అడ్డం వస్తోందట. నా ఖాతాలో ఉన్న మొదటి కోత డబ్బు దొంగసొమ్మో కాదో సర్కారు చూస్తుందట. మంచిదైతే సాయంత్రానికి తిరిగి వేస్తారట, మావాణ్ణి వదిలేస్తారట. ఫోన్‌కి ఒక నంబరు వస్తుంది, అది చదవమన్నాడు.

అంతలో వీధి తలుపు దబదబా మోగింది.

"అత్తా! కొండమ్మత్తా! మిరపకాయలకి తొడాలు తీసేదానికి వస్తానని చెప్పి, పట్టపగలు తలుపేసుకుని పడుకున్నావా ఏంది?"

పక్కింటి నజీమా. మెకానిక్ తౌఫీక్ భార్య. ఆ పిల్ల గొంతు వినగానే ఏడుపు వచ్చింది.

"ఎవరది? పంపించేయండి," అన్నాడు ఫోన్‌లోవాడు మెల్లగా.

"తలనొప్పే నజీమా, నువ్వు పో!"

"తలనొప్పయితే కిటికీలెందుకు మూశావు? ఉడికిపోవటానికా? తలుపు తియ్యి, అమృతాంజనం తెస్తా."

"వద్దే, పో!"

పోలేదు. అరుగు మీద చతికిలబడిన చప్పుడు వినబడింది. మొండిఘటం. ఇటు నంబరు వచ్చింది. నాకు అక్షరాలు సరిగా రావు గానీ అంకెలు వచ్చు. వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుతున్నాను. సగం చదివానో లేదో, అరుగు మీద నజీమా దగ్గింది, వాడు ఆపాడు.

"బయట ఉన్నామెకి ఏమీ చెప్పనని మీ అబ్బాయి మీద ఒట్టు వేయండి."

నా వేలు అక్కడే ఆగిపోయింది.

నా బతుకులో ఎంతమంది పోలీసులు గడప తొక్కలేదు! కడవలు తన్నినవాడు ఉన్నాడు, జుట్టు పట్టుకున్నవాడు ఉన్నాడు. అందరిదీ ఒకటే అరుపు. చెప్పవే, ఎక్కడ దాచావే, చెప్పు! చివరికి మా ఆయన్ని తీసుకుపోయిన రోజు ఊరి పెద్దల్ని పిలిచి, వీధిలో నిలబెట్టి, అందరూ చూస్తుండగానే జీపు ఎక్కించారు. చెప్పొద్దని బతిమాలిన పోలీసుని నేను చూడలేదు. పోలీసుల నుంచి దాచింది మేము గానీ, వాళ్ళు జనం నుంచి ఏదీ దాచలేదు.

"సారూ, మావాడు మీ దగ్గరే ఉన్నాడుగా. ఒక్కసారి అమ్మా అనమనండి."

"ముందు మిగతా నంబరు చెప్పండి."

"వాడి గొంతు విన్నాక చెబుతా."

"ఏమే ముసలిదానా! చెప్పవే! బొక్కలో వేసి కుళ్ళబెడతా నిన్నూ నీ కొడుకునీ!"

నిజం చెప్పొద్దూ, అప్పుడే ఎక్కువ భయం వేసింది. అచ్చం అప్పటి పోలీసు గొంతే. మిగతా అంకెలు నాలుక మీదికి వచ్చాయి. పళ్ళు బిగబట్టాను. అరెస్టు చేస్తే చేయనీ, పక్కింటి పిల్ల కళ్ళ ముందు చేయనీ అనుకుని, ఫోన్ చేత్తో పట్టుకునే పోయి గది గడియా, వీధి తలుపు గడియా తీశాను.

నజీమా నా మొహం చూసింది, ఫోన్ చూసింది.

"ఎవరత్తా వీడు?"

"పోలీసంట. మావాణ్ణి పట్టుకున్నాడంట."

"వీడి పోలీసుతనం తగలెయ్య!" ఫోన్ లాక్కుని కట్ చేసింది. తన ఫోన్ నుంచి బ్రహ్మయ్యకి కలిపి నా చెవిన పెట్టింది.

"ఏందమ్మా? కాటా దగ్గరున్నా, తర్వాత చేస్తా," అన్నాడు మావాడు నా గొంతు వినగానే. ఆ విసుగు ఎంత చల్లగా ఉందో! అరుగు మీద కూలబడిపోయాను. నజీమా నీళ్ళు తెచ్చి ఇచ్చి, ఫోన్ మోసాలు చెప్పుకునే 1930కి చేసి చెప్పింది, తర్వాత బ్యాంకుకి కూడా. నంబరు పూర్తిగా చెప్పలేదు కాబట్టి డబ్బు కదల్లేదన్నారు.

సాయంత్రం కొడుకూ కోడలూ వచ్చారు. మొన్నామధ్య పంట నష్టపరిహారం అని మెసేజ్ వస్తే, కృష్ణకుమారి దాన్ని నొక్కి అందరి పేర్లూ, పొలం వివరాలూ, ఖాతా నంబరూ నింపిందట. అది చెప్పి తల వంచుకుని నిలబడింది.

బ్రహ్మయ్య వీధి వైపు చూసి గొంతు తగ్గించాడు. "అయిందేదో అయింది. బయట ఎవరికీ చెప్పమాక అమ్మా, పరువు పోద్ది."

వాడి మొహంలోకి చూశాను. పొద్దున్నుంచీ విన్న మాటే. లేచి తలుపు బార్లా తీసి, అరుగు మీదికి వచ్చి ఎదురింటి ఆవిణ్ణి కేకేశాను.

"ఏమే కోటమ్మా! చేట అక్కడ పడేసి ఇట్టా రా! మీ ఆయన్ని గూడా పిలువు. ఇయ్యాల నా ఫోన్లోకి పోలీసొచ్చాడు!"