అల్లం మోసిన బ్రేకు డ్రమ్ము

నేను ఒక బ్రేకు డ్రమ్మును. జీపు వెనక ఎడమ చక్రం లోపల ఉండేదాన్ని. నన్ను చూసినవాళ్లు తక్కువ, నా మీద ప్రాణాలు పెట్టుకుని కొండ దిగినవాళ్లు ఎక్కువ. అందులో వింతేమీ లేదు. మనుషులు తమ ఇంటి పునాదిని కూడా కట్టేటప్పుడు ఒకసారి చూసి తర్వాత మరిచిపోతారు.

నాది పోత ఇనుము. విరిగిన కుట్టుమిషను కాళ్లు, పగిలిన పంపు చక్రాలు, పాత తూకపు రాళ్లు కలిపి కరిగించి, ఇసుక అచ్చులో పోసి నన్ను తయారు చేశారు. ఆ తూకపు రాళ్లలో కొన్ని దొంగ తూకాలట. నా నడవడిలో ఎప్పుడైనా తేడా కనిపిస్తే ఆ తప్పు వాటిదే అయి ఉండాలి. లేతు మీద తిప్పి లోపలి అంచు నున్నగా చెక్కాక, లోతైన మూకుడు ఆకారం వచ్చింది నాకు. నా లోపల చంద్రవంకల్లాంటి రెండు బ్రేకు షూలు ఉంటాయి. డ్రైవరు కాలు నొక్కితే అవి విచ్చుకుని నన్ను ఒరుసుకుంటాయి. నేను ఆగుతాను, నాతోపాటు చక్రం ఆగుతుంది. ఇంతే నా విద్య.

మా జీపు మొదట ఒక రోడ్డు కాంట్రాక్టరుది. ఆయన వేసిన రోడ్ల మీద బ్రేకు తొక్కే అవసరం ఉండేది కాదు, గోతులే బండిని ఆపేవి. తర్వాత ఒక కాఫీతోట మేనేజరు కొన్నాడు. ఆయనకు ఘాటు రోడ్డంటే భయం. కొండ ఎక్కేటప్పుడు కూడా బ్రేకు మీదనుంచి కాలు తీసేవాడు కాదు. ఆ రోజుల్లో అరిగినంతగా నేను మళ్లీ ఎన్నడూ అరగలేదు. చివరికి ఆయన మైదానంలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతూ జీపును కిల్లో దొన్ను అనే డ్రైవరుకు అమ్మేశాడు.

దొన్నుది పాడేరు కొండల్లో బూరుగుగొంది అనే చిన్న ఊరు. వారానికోసారి ఊరివాళ్లను, వాళ్ల పసుపును, అల్లాన్ని, కొండచీపుళ్లను, కోళ్లను కింద జరిగే సంతకు దించడం అతని పని. జీపులో ఎంతమంది పడతారని ఆ ఊళ్లో ఎవరూ అడగరు. ఇంకా ఎవరు రావాలి అని మాత్రమే అడుగుతారు.

దారి సగంలో మలుపుతల్లి గుడి ఉంది. అక్కడినుంచి దిగుడు బాగా ఏటవాలు. ఏ బండైనా అక్కడ ఆగాలి. అందరూ దిగి, చెప్పులు విడిచి దండం పెట్టుకోవాలి. డ్రైవరు అగరొత్తి వెలిగించాలి. ఆగకుండా పోయిన బండి కిందిదాకా పోదని నమ్మకం. చిక్కేమిటంటే ఆ గుడి కూడా ఏటవాలులోనే ఉంది. తల్లి తనకు నచ్చిన చోట వెలిసింది, బండ్ల సంగతి ఆమెకు పట్టలేదు.

అందుకని ప్రతి జీపుకూ రాయి పెట్టే మనిషి ఒకరు ఉంటారు. వెనక తలుపు పక్క సీటు ఆ మనిషిది. బండి ఆగగానే దూకి, వెనక చక్రం ముందు రాయి పెట్టి, ‘పెట్టినాను’ అని కేక వేయాలి. ఆ కేక వినపడేదాకా డ్రైవరు బ్రేకు మీద కాలు తీయకూడదు. రాయి పెట్టే మనిషి దగ్గర ఛార్జీ పుచ్చుకోరు. అది ఆ కొండ మీది కట్టుబాటు.

మా జీపులో ఆ మనిషి గెమ్మెలి సుక్రమ్మ. దొన్నుకు వరసకు అత్త. వయసెంతో ఆమెకూ తెలియదు. మొగుడు పోయాక పెరట్లోని చిన్న నేలచెక్కలో అల్లం పండించి, సంతలో అమ్ముకుని బతికేది. ఆ సంతే ఆమెకు జీవనం, ఆ సంతే ఆమెకు లోకం. అక్కడ నలుగురితో బేరమాడి, నాలుగు తిట్లు తిట్టి వస్తేనే వారం గడిచినట్టు ఉండేది. ఒక నల్లరాయి ఆమె సొంతం. సంత కాగానే దాన్ని ఇంటికి తీసుకెళ్లి కడిగి, మళ్లీ వారం తెచ్చేది.

నన్ను మటుకు ఎవరూ ఎన్నడూ కడగలేదు. ఈ మాట అసూయతోనే చెబుతున్నాను. ఎందుకంటే గుడి దగ్గర బండిని నిలబెట్టేది నేను. దొన్ను హ్యాండు బ్రేకు లాగితే, దాని కేబులు నా లోపలి షూలనే విడదీసి నన్ను బిగబట్టేది. బండి బరువంతా నేనూ, కుడి చక్రంలో ఉన్న నా జతగాడూ మోసేవాళ్లం. రాయి ఊరికే చక్రం ముందు కూర్చునేది. కానీ జనం దండం పెట్టుకుని వచ్చి, చక్రం కింద రాయిని చూసి తృప్తిపడేవాళ్లు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇలా ఉండగా ఒక వానాకాలం మా బతుకు తలకిందులైంది. దారిలోని వాగు, కొండగెడ్డ, దాటేటప్పుడు నా లోపలికి నీళ్లూ బురదా చేరతాయి. తడిసిన డ్రమ్ము పట్టదు. దాటాక కాసేపు బ్రేకు నొక్కి పట్టి నడిపితే ఆ వేడికి ఆరిపోతుంది. ఆ రోజు దొన్ను కబుర్లలో పడి ఆ సంగతి మరిచాడు. గెడ్డ అవతల టీకొట్టు దగ్గర బ్రేకు తొక్కాడు. మేం పట్టలేదు. జీపు నిదానంగా వెళ్లి కొట్టు ముందున్న బల్లను తోసుకుంటూ గోడదాకా పోయింది. బల్ల మీద కూర్చున్నాయన గ్లాసు పట్టుకుని లేచి, పక్కకు జరిగి, తాగడం పూర్తిచేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ ఆదివారం పట్నంనుంచి సరదాకి బురదలో తిరగడానికి వచ్చిన కుర్రాళ్లు అదే కొట్టు దగ్గర మా పక్కనే ఆగారు. వాళ్లకు ఇళ్ల దగ్గర మంచి రోడ్లున్నాయి. వాళ్ల పాత జీపులకు వెనక కూడా డిస్కు బ్రేకులే. మెరిసే ఇనప పళ్లెం, దాన్ని రెండు పక్కలా పట్టి నొక్కే కాలిపరు. అంతా బయటికే కనిపిస్తుంది, తడిసినా చిటికెలో ఆరిపోతుంది. దొన్ను వంగి వంగి వాటిని చూశాడు. ఆ చూపు చూడగానే నా పని అయిపోయిందనుకున్నాను. కొత్తొక వింత, పాతొక రోత.

చోడవరంలో ఆడారి అప్పలనాయుడి షెడ్డుకు తీసుకెళ్లారు మమ్మల్ని. అప్పలనాయుడు మంచి పనివాడే. డిస్కులు వేయడం మాత్రం ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. వీడియోలో మొదట్నుంచీ చివరిదాకా చూశాడో, మధ్యలో ఫోనొచ్చిందో నాకు తెలియదు. తుప్పుతో బిగుసుకున్న నన్ను సుత్తితో కొట్టి ఊడదీశాడు. షూలు తీసేశాడు. పళ్లేలు బిగించాడు, కాలిపర్లు పెట్టాడు, గొట్టాల్లో గాలి తీశాడు. చివర్న హ్యాండు బ్రేకు కేబులు కొస మిగిలింది. అది పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. కదిలితే చప్పుడు చేస్తుందని దాన్ని బైండింగు వైరుతో నేర్పుగా ఇరుసుకు కట్టేశాడు. నేను నేల మీద పడి ఉండి చూస్తూనే ఉన్నాను.

దొన్ను నిమ్మకాయలు తొక్కించి బండి నడిపాడు. బ్రేకు తొక్కితే జీపు మేకు కొట్టినట్టు ఆగింది. అతని మొహం వెలిగిపోయింది. హ్యాండు బ్రేకు కూడా లాగి చూశాడు. అది ఎప్పటిలాగే కరకరమంది. ఆ షెడ్డు చదును నేల మీద ఉంది కాబట్టి ఆ చప్పుడే చాలనుకున్నాడు. టీకొట్టు గొడవలో సుక్రమ్మ వెనక సీటు కింద మరిచిపోయిన నల్లరాయిని తీసి షెడ్డు పక్క గోతిలోకి విసిరేశాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. నిజానికి ఏరు ఇంకా దాటనే లేదు. నా జతగాడు పాత ఇనుములో కలిశాడు. నేను ఎందుకైనా పనికొస్తానని దొన్ను నన్ను జీపులో పడేశాడు.

సంత రోజు తెల్లవారగానే సుక్రమ్మ అల్లం బుట్టతో వచ్చింది. ఆమె సీటులో కాలికి కట్టు కట్టుకున్న ఒక ముసలాయన, ఆయన మేక కూర్చుని ఉన్నారు.

“అత్తా, ఇంక రాయితో పనినేదు. డిస్కు బ్రేకులేయించినాను,” అన్నాడు దొన్ను. “నువ్వు లోపల కూకో.”

“లోపల కూకొని నానేటి సెయ్యాల?”

“ఏటీ సెయ్యక్కర్నేదు. ఊరికే కూకో. ఛార్జీ ఇయ్యొద్దులే.”

“ఊరికే కూకోడానికి ఇంటికాడ అరుగుంది అల్లుడా.”

అతను బతిమాలాడు. ఆమె వినలేదు. పని చేసి ఎక్కిన బండిని దయ మీద ఎక్కడం ఆమెకు చేతకాదు. ఇంతకంటే వివరంగా ఆమె చెప్పలేదు గానీ నాకు అర్థమైంది. నన్నూ ఆ వారమే పనిలోంచి తీశారు. కానీ నాకు మోకాళ్ల నొప్పులు లేవు, ఆమెకు ఉన్నాయి. బుట్ట మోసుకుని ఆ కొండ ఎన్ని సంతలు దిగగలదు? ఇది చివరిదో, వచ్చేది చివరిదో. నాకు నిజంగా బాధ కలిగింది.

దొన్నుకూ బాధ కలిగినట్టుంది. ఏమివ్వాలో తెలియక నన్ను తీసి ఇచ్చాడు. “పోనీ ఇది అట్టుకెళ్లు. సంతలో కమ్మరి సేత మూడు కాళ్లేయించుకుంటే కుంపటవుద్ది.”

సుక్రమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. బుట్టలో అల్లం తీసి నాలో పోసింది. గుడ్డను చుట్టగా చుట్టి తల మీద పెట్టుకుని, దాని మీద నన్ను ఎత్తుకుని కాలిదారి పట్టింది. ఇంత కాలం చక్రంలో గిరగిర తిరుగుతూ ఆ కొండ దిగాను. కదలకుండా దిగడం అదే మొదలు. దారిలో ఇన్ని చెట్లున్నాయని అప్పటిదాకా తెలియదు.

జీపురోడ్డు మెలికలు తిరుగుతుంది, కాలిదారి నిట్టనిలువుగా దిగుతుంది. అందుకని మేమే ముందు మలుపుతల్లి గుడికి చేరాం. ఆమె నన్ను గట్టు మీద దించి, మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చుంది. కాసేపటికి జీపు వచ్చి ఆగింది. చాలా బాగా ఆగింది. దొన్ను ఆమె వైపు చూసి కొంచెం గర్వంగానే ఇంజను ఆపాడు. హ్యాండు బ్రేకు లాగాడు. అది కరకరమంది. ‘పెట్టినాను’ అని ఎవరూ అనలేదు. అతను కాలు తీశాడు.

మా జీపును గేరులో పెట్టి వదిలినా గేరు నిలవదు. అది అందరికీ తెలుసు, కాబట్టి ఎవరూ పెట్టరు. ముందు చక్రం ఒక చిన్న గుంటలో దిగి ఉండటం వల్ల బండి అప్పటికి నిలబడింది. జనం దిగారు, చెప్పులు విడిచారు, చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. దొన్ను అగ్గిపుల్ల గీశాడు. దిగలేని ముసలాయన సీటులోంచే దండం పెట్టాడు. సుక్రమ్మ మాత్రం దేవతను చూడలేదు. అలవాటు కొద్దీ చక్రం వైపు చూస్తోంది.

బండిలో మేక ఒక్క గెంతు గెంతింది. అంతే. చక్రం గుంటలోంచి బయటికి దొర్లింది.

మొదట మెల్లగా కదిలింది. ముసలాయన మేక మెడ పట్టుకుని, దొన్ను వైపు చూస్తూ, “బండెల్తంది,” అన్నాడు. దొన్ను చేతిలో అగరొత్తి ఉంది. ఎదురుగా లోయ ఉంది. సుక్రమ్మ అప్పటికే లేచింది. రాయి కోసం చెయ్యి చాచింది. ఆమె రాయి చోడవరంలో గోతిలో ఉంది. చేతికి నేను దొరికాను. అల్లమంతా గుడి ముందు గుమ్మరించి, పరుగున వెళ్లి, నన్ను వెనక ఎడమ చక్రం ముందుకు తోసింది.

నేను నా చక్రానికి ఎదురుగా ఉన్నాను. ఇన్నేళ్లలో దాన్ని బయటినుంచి చూడటం అదే మొదటిసారి. అది నా మీదికి ఎక్కబోయింది. నా అంచు బీటలు వారింది. రోడ్డును గీసుకుంటూ మూరెడు దూరం జారాను. తర్వాత జీపు ఆగింది.

“పెట్టినాను,” అంది సుక్రమ్మ. కేక వేసే ఊపిరి ఆమెకు లేదు. మెల్లగానే అంది.

 దొన్ను అగరొత్తిని తల్లి ముందు గుచ్చి, చెదిరిన అల్లం ఏరడం మొదలుపెట్టాడు. ఒక్క ముక్క కూడా వదల్లేదు. ఏరిందంతా ఆమె ఒడిలో పోసి, “అత్తా, యెక్కు,” అన్నాడు. ముసలాయన మేకతో సహా లోపలికి జరిగాడు. సుక్రమ్మ తన సీటులో కూర్చుని, నన్ను కాళ్ల దగ్గర పెట్టుకుంది.

సంత కాగానే అందరం అప్పలనాయుడి దగ్గరికి వెళ్లాం. హ్యాండు బ్రేకు ఏమైందని దొన్ను అడిగాడు. అప్పలనాయుడు బండి కిందికి దూరి, తను కట్టిన వైరును చాలాసేపు చూసి బయటికి వచ్చాడు.

“ఆపమన్నావు, ఆపినాను,” అన్నాడు. “నిలబెట్టమని నువ్వు సెప్పనేదు.”

“సెప్పాలేటి?”

అప్పలనాయుడు తల గోక్కుని, దానికి వేరే సామాను పట్నంనుంచి రావాలన్నాడు. వానలు తగ్గాక చూద్దామన్నాడు. అంతవరకు ఉండనిమ్మని నాకు ఒక గొలుసు వేసి జీపు వెనక కొక్కేనికి తగిలించాడు. అలా నేను రాయినయ్యాను. ప్రతి సంతకూ సుక్రమ్మ నన్ను చక్రం ముందు పెట్టేది, జనం వచ్చి చూసి తృప్తిపడేవాళ్లు. చక్రం లోపల ఉన్నన్నాళ్లూ దక్కని మర్యాద బయటపడ్డాక దక్కింది. ఇంటికి తీసుకెళ్లి కడిగేది కూడా.

వానలు తగ్గాయి. సామాను వచ్చింది. అప్పలనాయుడు కేబులుకు దాని పని దానికి అప్పగించాడు. దొన్ను సుక్రమ్మ ఒక్కదాన్నే ఎక్కించుకుని మలుపుతల్లి గుడి దగ్గర ఆపి, హ్యాండు బ్రేకు లాగి, కాలు తీసి చూశాడు. బండి కదల్లేదు. మళ్లీ ఒకసారి చూశాడు. కదల్లేదు. నేను గొలుసుకు వేలాడుతూ ఉన్నాను. ఇక చెప్పడానికేముంది?

సుక్రమ్మ దిగింది. కొక్కెంనుంచి నా గొలుసు విప్పింది. “నిలబడతంది గదా. ఇంక కమ్మరికాడికి అట్టుకెళ్తాను,” అంది.

దొన్ను వినిపించుకోలేదు. బ్రేకు మీద మళ్లీ కాలు పెట్టి, ముందుకే చూస్తూ కూర్చున్నాడు. దిగడు, తిరిగి చూడడు. ఆమె నన్ను ఎత్తుకుని నిలబడింది. 

“కాలు నొప్పెడతంది అత్తా,” అన్నాడు చివరికి. “పెట్టినావా, నేదా?”

సుక్రమ్మ అతని వీపు వైపు చూసింది. తర్వాత వంగి నన్ను చక్రం ముందు పెట్టింది. చక్రం నా మీద ఒరగలేదు. హ్యాండు బ్రేకు బాగానే పట్టుకుంది. నేను ఊరికే కూర్చున్నాను.

“పెట్టినాను,” అంది.

అప్పుడు దొన్ను కాలు తీశాడు.