ఎలుక ఎత్తుకుపోయిన బొడ్డు

కపేకా మొగలాకు అంచున ముళ్లు చీలుస్తూ అప్పటికే మూడో కట్టలో ఉంది. పొద్దు కొండ దాటకముందే, ఆకులో మంచు తడి ఉండగానే అల్లుకోవాలి. ఎండెక్కితే ఆకు ముసలివాడి కోపంలా పెళుసైపోతుంది. డెబ్బై తొమ్మిదేళ్ల ఆవిడ వేళ్లు మొగలి ఊడల్లాగే ముడులు పడ్డాయి. అరవై ఏళ్లుగా టోపీలే. పడవలోంచి జారిపడ్డ ఒక జాలరిని ఆవిడ అల్లిన టోపీయే ఈదుకుంటూ ఒడ్డుకు చేర్చిందని ఆ కోనా తీరంలో చెప్పుకుంటారు. జాలరి మాత్రం తాను పడనేలేదంటాడు. టోపీ చేసిన మేలు ఎవడు ఒప్పుకుంటాడు!

టోపీ నడినెత్తిన మొదలయ్యే అల్లికను పీకో అంటారు. బొడ్డూ పీకోయే. నడినెత్తీ, చేమాకు కాడను కలిసే చోటూ, మబ్బులో తల దూర్చిన కొండకొనా అన్నీ పీకోలే. కొన్నాళ్లుగా కపేకాకు నిద్రకూ మెలకువకూ నడుమ ఇవన్నీ కలిసిపోతున్నాయి: కొండకొన మీద కూర్చుని తాను లోకాన్ని కిందికి అల్లుతున్నట్టూ, అమ్మ కిందినుంచి ఒక్కో ఆకు పేలికా అందిస్తున్నట్టూ.

ఒక్కో ఇంటికి ఒక్కో పీకో. బయటివాళ్లకు నేర్పనని అమ్మ చేతిలో చెయ్యేసింది కపేకా. తన కడుపున ఎవరూ పుట్టలేదు. తనతోపాటే ఆ అల్లికా పోతుంది. మూడేళ్లుగా పక్కింటి కమైలే వచ్చి టోపీ అంచులు అల్లుతోంది గానీ, పీకో వేసేటప్పుడు కపేకా గోడవైపు తిరిగేది.

ఈరోజు తిరగలేదు.

"టూటూ, గోడ అటుంది," అంది కమైలే. ఆ ఊళ్లో అవ్వలందరూ టూటూలే.

"నువ్వు చెప్తే గానీ తెలీదా నాకు? మెడ పట్టేసింది. ఒసే, నీ బొడ్డుతాడు మీ అమ్మ ఎక్కడ పెట్టింది?"

"రాతి బొరియలో పెట్టి పైన రాయి మూసిందంట. ఎలుకెత్తుకుపోయింది. ఊరంతా ఎరిగిందేగా, మళ్లీ అడుగుతావేం?"

"బొడ్డు ఎలుక పాలైన పిల్ల దొంగవుద్దంటారు."

"నేనేం దొంగిలించాను టూటూ?"

"అదేనే నా బాధ! మూడేళ్లు నా పక్కన కూచుని ఏమీ దొంగిలించలేదు. ఎలుకకు తలవంపులు తెచ్చావు కదే."

కమైలే నవ్వబోయి ఆగిపోయింది. కపేకా చిటికెలో వేసే పీకోను, చంటిదాన్ని నడిపించినంత నెమ్మదిగా వేసింది. ఒకచోట విప్పి మళ్లీ వేసింది.

"నేనేం నేర్పట్లేదు," అంది గోడతో. "అమ్మ వింటోంది."

ఆ పీకోను తలకాయంత చెక్కదిమ్మెకు తొడిగి, వెనక్కి వాలి, తన టోపీ ముఖం మీదికి లాక్కుంది.

కమైలే వేరే పేలికలు తీసుకుని, దాన్ని చూస్తూ రెండుసార్లు వేసి రెండుసార్లు విప్పింది. మూడోసారి కుదిరేసరికి కొండమీది మబ్బు వాళ్లు కూర్చున్న అరుగు దాకా దిగింది.

"చూడు టూటూ, దొంగసొత్తు."

తప్పుంటే తిట్టేదే. తిట్టలేదు. కమైలే ఆవిడ ముఖం మీది టోపీ పక్కకు తీసింది. ముసలమ్మ పెదవి కొసన ఎవరినో ఏమార్చిన నవ్వు. చెయ్యి తెల్లవారుజాము మొగలాకంత చల్లగా ఉంది.

దిమ్మె మీద కపేకా వేసిన పీకో, అల్లని పేలికలను నలువైపులా చాపుకుని, మబ్బు తడికి మెల్లగా మెత్తబడుతోంది.