కొత్త బావమరిది

చీకటి.

ఫోటోలు కడిగే హైపో మందు వాసన. అరికాళ్ళ కింద తడి సిమెంటు చల్లదనం. మూలన కుళాయి ఒక్కో చుక్కా జారుస్తోంది.

ఫోటోగ్రాఫరు డార్క్‌రూమ్ మధ్యలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఆరు ఫిలిములు. చుట్ట చుట్టి వచ్చే ఫిలిం కాదు. అరచేయంత వెడల్పున, విడివిడిగా, ఒక్కో ఫోటోకు ఒక్కో ముక్క. ప్రతి ముక్కకూ ఒక మూల సన్నటి గాట్లుంటాయి. ఆ గాట్లు కుడి చూపుడువేలికి తగిలితే, బొమ్మ పడిన వైపు తన వైపు ఉన్నట్టు.

ఇక్కడ కళ్ళతో పనిలేదు. వేళ్ళే చూడాలి.

ఆరింటి మీదా ఒకే ముఖం ఉంది. బావమరిది ముఖం. ఇంకా ఎవరి కంటా పడలేదు. ముందున్న ట్రేలో డెవలపరు మందు కలిపి ఉంది. అందులో ముంచితే మెల్లగా పైకి వస్తుంది.

ముంచాలి.

ముంచడం లేదు.

పక్క గోడకు లైటు స్విచ్చి ఉంది. నొక్కితే చాలు — రెప్పపాటులో ఆరూ పోతాయి. ఇన్నేళ్ళలో ఒక్క ఫిలిం కూడా పాడుచేయని మనిషి ఇతను. నలుగురిలో గొప్పగా చెప్పుకునేది అదొక్కటే. అలాంటివాడు చీకట్లో నిలబడి, ఆ స్విచ్చి గురించే ఆలోచిస్తున్నాడు.

కెమెరాకు ఆ కొత్త పెట్టె రాకముందు రోజులు వేరు.

మూడు కాళ్ళ స్టాండు మీద పెద్ద కెమెరా. ముందు లెన్సు, వెనక గాజుపలక, మధ్యలో మడతలు మడతలుగా నల్లతోలు. నల్లగుడ్డ తలమీద కప్పుకుని, గాజుపలక మీద తలకిందులుగా కనిపించే మనుషుల్ని చూసుకోవాలి. ఆ తరువాత ఫిలిం ఉన్న చెక్క హోల్డరు వెనక తొడగాలి. అటొక ఫిలిం, ఇటొక ఫిలిం. అందులో పట్టేది అంతే.

ఆ హోల్డరు అందించేవాడు బావమరిది.

కెమెరా పక్కన, ఒక అడుగు వెనక... అది అతని చోటు. నల్లగుడ్డలోంచి తల ఇంకా బయటికి రాకముందే బావ చెయ్యి పక్కకు చాచేవాడు. చేతిలో హోల్డరు పడేది. అడగడం లేదు, చూడడం లేదు. ఫోటో అయ్యాక మళ్ళీ అదే చెయ్యి — వాడిన హోల్డరు వెళ్ళిపోయేది, కొత్తది వచ్చేది.

ఆ రెండింటి మధ్య కొంచెం ఖాళీ.

ఆ ఖాళీ అంతా బావమరిదిదే. నోరు ఊరుకునేది కాదు. కుర్చీలో కర్రలా బిగుసుకుపోయిన హెడ్మాస్టరుతో — "మాస్టారూ, గడ్డం కొంచెం పైకి. నన్ను మూడోసారి ఫెయిల్ చేసినప్పుడు పెట్టారే, అలా." ఎడంగా నిలబడ్డ ముసలి దంపతులతో — "కాస్త దగ్గరికి జరగండమ్మా. ఆయన కరవడు, పొద్దున్నించీ చూస్తున్నాగా." వాళ్ళు నవ్వేవారు. నవ్వి, నవ్వును సర్దుకునేవారు. ఆ సర్దుకోవడంలో ముఖం తనంతట తాను తన చోటికి వచ్చి కూర్చునేది. సరిగ్గా అప్పుడు బావ షట్టరు నొక్కేవాడు.

సాయంత్రాలు ఇద్దరూ ఈ డార్క్‌రూమ్‌లోనే హోల్డర్లు నింపేవారు. చీకట్లో భుజానికి భుజం తగిలేది. బావమరిది శ్రుతి లేకుండా పాడేవాడు. "చీకట్లో నువ్వు చాలా అందగాడివి బావా" అనేవాడు. బావ విసుక్కున్నట్టు విసుక్కునేవాడు.

ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చేవి.

"మీ చేతిలో ఏదో ఉందండీ" అనేవారు జనం. ఉందనే అనుకున్నాడు ఫోటోగ్రాఫరు. అంతమంది అంటుంటే అనుకోకుండా ఎలా ఉంటాడు పాపం!

తరువాత పెట్టె వచ్చింది.

నల్లటి లోహపు పెట్టె. చూడ్డానికి చిన్నదే, ఎత్తితే బరువు. లోపల ఆరు పలచటి రేకులు, ఒక్కో రేకులో ఒక్కో ఫిలిం. ఒకసారి కెమెరా వెనక తగిలిస్తే చాలు. ఫోటో తీయాలి, పెట్టెకున్న సొరుగు లాగాలి, తోయాలి. పేకలో పైముక్క అడుగుకు పోయినట్టు, అయిపోయిన ఫిలిం వెనక్కి పోతుంది. కొత్తది ముందుకు వస్తుంది.

టక్ — టక్.

ఎవరి చెయ్యీ అక్కర్లేదు.

మొదటిరోజు స్టూడియో నిండా జనం. ఎవరిదో పెద్ద కుటుంబం, పిల్లాజెల్లాతో. బావమరిది పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగున్నాడు బావా, నీ కొత్త బావమరిది. టీ అడగడు. ఆలస్యంగా రాడు."

అందరూ నవ్వారు. అక్కడితో ఆగిపోవలసింది. ఫోటోగ్రాఫరు సొరుగు లాగుతూ, తల ఎత్తకుండానే అన్నాడు —

"నోరు కూడా లేదు. అదీ వీడి గొప్ప."

మళ్ళీ అందరూ నవ్వారు. బావమరిది కూడా నవ్వాడు. కాని ఆ రోజంతా మరి మాట్లాడలేదు.

నోరు జారడం అంటారు. ఇది జారిన మాట కాదు. ఎన్నాళ్ళుగానో నాలుక కింద దాచుకున్న మాట. జనం ఫోటోలు చూసి మెచ్చుకునేది బావనే అయినా, వెళ్ళేటప్పుడు భుజం తట్టేది మాత్రం బావమరిదిని. అది ఎక్కడో గుచ్చుకునేది. అడిగితే ఒప్పుకోడు గాని, గుచ్చుకునేది.

మర్నాడూ వచ్చాడు బావమరిది. తన చోట నిలబడ్డాడు. ఇవ్వడానికి ఏమీ లేదు. పుచ్చుకోవడానికి ఏమీ లేదు. తుడిచిన లెన్సునే తుడిచాడు. జరిపిన కుర్చీనే జరిపాడు. మనిషి నిలబడి ఉండగానే అతని పని చచ్చిపోవడం — అది చూడలేం. ఫోటోగ్రాఫరు చూడలేదు. పెట్టెతో తీరిక లేకుండా ఉన్నాడు.

కొన్నాళ్ళకు రావడం మానేశాడు.

కబురు పెడదామనుకున్నాడు ఫోటోగ్రాఫరు. రేపు పెడదామనుకున్నాడు. ఆ రేపటికి మరో రేపు... లోపల వంటింట్లో భార్య అలవాటుగా మూడు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి మళ్ళీ గిన్నెలోకి ఒంపేసేది. ఆమె తమ్ముడి గ్లాసు అది. గిన్నె చప్పుడు కాస్త గట్టిగా వచ్చేది.

ఈలోగా ఫోటోలు వస్తూనే ఉన్నాయి. ఆరు తీస్తే ఆరు. వెలుతురు సరిగ్గా, అంచులు పదునుగా. ఆరింటిలోనూ ఒకే ముఖం, ఊపిరి బిగబట్టిన ముఖం. జనం "బాగున్నాయండీ" అని కవరు చంకలో పెట్టుకునేవారు. ఎవరి ఫోటోనో మోసుకెళ్తున్నట్టు వెళ్ళేవారు.

ఈరోజు పొద్దున బావమరిది వచ్చాడు.

తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎప్పుడూ ఇంటి వైపు నుంచి వచ్చే మనిషి, ఈరోజు వీధి గుమ్మంలోంచి వచ్చాడు. వచ్చేవాళ్ళందరిలాగే.

"వేరే ఊళ్ళో పని దొరికింది బావా. లారీలు తూచే కాటా దగ్గర. సాయంత్రమే ప్రయాణం."

"మంచిదే" అన్నాడు ఫోటోగ్రాఫరు. ఇంకేదో అనవలసింది. మంచిదే అన్నాడు.

"ఒక ఫోటో తియ్యి. అక్క అడిగింది. తన దగ్గర నాది ఒక్కటీ లేదట."

నిజమే. లేదు. ఇన్నేళ్ళు కెమెరా పక్కన నిలబడ్డ మనిషి ఒక్కసారీ కెమెరా ముందుకు రాలేదు. ఊళ్ళో అందరి ముఖాలూ ఆ గోడలకు వేలాడుతున్నాయి. అతని ముఖం లేదు. ఆ సంగతి ఫోటోగ్రాఫరుకు ఇంతవరకూ తట్టనే లేదు.

బావమరిది కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం తనే ఎత్తాడు. భుజాలు తనే సర్దుకున్నాడు. కళ్ళు మాత్రం లెన్సు వైపు లేవు. కెమెరా పక్కన, ఒక అడుగు వెనక... అక్కడ ఎవరూ లేరు.

"ఇటు చూడరా."

చూశాడు.

టక్ — టక్.

ఇప్పుడు చెప్పాలి, అనుకున్నాడు ఫోటోగ్రాఫరు. వెళ్ళొద్దురా అనాలి. ఆరోజు నేనలా అనవలసింది కాదురా అనాలి. కాని సొరుగు అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. కొత్త ఫిలిం వచ్చి సిద్ధంగా నిలబడింది. చెయ్యి దానంతట అదే షట్టరు నొక్కింది.

ఈసారి చెప్పాలి.

టక్ — టక్.

ఈ పెట్టెకు ఆగడం తెలియదు. గొంతు సవరించుకునేంత వ్యవధి కూడా ఇవ్వదు. చెక్క హోల్డరైతే తీయాలి, తిప్పాలి, మళ్ళీ తొడగాలి. ఆ సందులో మనిషి ఒక మాట అనగలడు. కష్టమైన మాటైనా అనగలడు. చేతులు పనిలో ఉంటే నోటికి ధైర్యం వస్తుంది.

టక్ — టక్... టక్ — టక్...

ఆరూ అయిపోయాయి.

"అప్పుడే అయిపోయిందా బావా?"

"అయిపోయింది."

బావమరిది లేచి కెమెరా దగ్గరికి వచ్చాడు. తెలియకుండానే చెయ్యి చాచాడు, వాడిన హోల్డరు పుచ్చుకోవడానికి. చాచిన చేతిని ఒకసారి చూసుకున్నాడు. అదే చేత్తో జుట్టు వెనక్కి తోసుకున్నాడు.

"ఫోటోలు అక్కకివ్వు. నాకెందుకు, నా మొహం నాకు తెలుసు" అని నవ్వి, వచ్చిన గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు.

లోపలి గుమ్మం దగ్గర భార్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

"వాడు ఫోటో కోసం రాలేదండీ" అంది.

అందుకే ఇప్పుడు, ప్రయాణం వేళ దగ్గరపడుతుండగా, ఈ చీకట్లో చెయ్యి ఆడడం లేదు.

ఫిలిములు పాడైతే పరుగెత్తొచ్చు. పాడైపోయాయిరా, మళ్ళీ వచ్చి కూర్చో అనొచ్చు. బీరువా మీది చెక్క హోల్డర్లు దించి, దుమ్ము దులిపి, నెమ్మదిగా తీయొచ్చు. ఫిలిముకూ ఫిలిముకూ మధ్య ఒక మాట... ఏదో ఒక సందులో ఆ మాట కూడా వచ్చేస్తుంది.

వట్టి చేతులతో వెళ్ళి తప్పయిందని చెప్పొచ్చు కదా! ఎవరైనా అదే చేస్తారు. ఇతను చేయలేడు. పని పేరు చెప్పి తప్ప ఎవరి గడపా తొక్కలేడు. నిజం చెప్పడానికి కూడా ఒక అబద్ధాన్ని తోడు తీసుకెళ్ళాలి. ఎంత మొండితనం!

ముంచితే ఆ ముఖం ఉంటుంది. అక్క గోడ మీద, ఆమె ఉన్నంత కాలం. తమ్ముడిది ఒకే ఒక్క ఫోటో.

నొక్కితే ముఖం ఉండదు. మనిషి ఉంటాడేమో.

ఉంటాడేమో...

నొక్కాడు.

వెలుతురు కళ్ళలో కొట్టింది. చేతిలో ఆరు ఫిలిములు, పాలిపోయి, ఆరూ ఒకేలా ఉన్నాయి. వాటి మీద ఏమీ కనిపించలేదు. కనిపించవలసినది ఇక ఎప్పటికీ కనిపించదు.

వాటిని బల్ల మీద వదిలి బయటికి వచ్చాడు.

"పాడైపోయాయి" అన్నాడు భార్యతో.

"ఆరూనా?"

"ఆరూ."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఒక్క ఫిలిమైనా పాడుచేసి ఎరగని మనిషి ముఖంలోకి. ఏమనుకుందో ఏమో. "అయితే వెళ్ళండి. తొందరగా వెళ్ళండి" అంది.

వీధి చివర సామాను ఎక్కించిన లారీ నిలబడి ఉంది. ఇంజను మోగుతోంది. బావమరిది డ్రైవరు పక్కన కూర్చుని ఉన్నాడు. పరుగున వస్తున్న బావను చూసి తలుపు తీశాడు. దిగలేదు.

"ఫిలిములు పాడైపోయాయిరా. మళ్ళీ కూర్చోవాలి."

"నీ చేతిలోనా?" బావమరిది నమ్మలేనట్టు చూశాడు. తరువాత నవ్వాడు. "కొత్త బావమరిది చేసుంటాడులే."

ఇక్కడ సొరుగు లేదు, షట్టరు లేదు. కావలసినంత ఖాళీ ఉంది.

"వాడు కాదురా" అన్నాడు ఫోటోగ్రాఫరు. "నేను. నేనే పాడుచేశాను."

బావమరిది నవ్వు ఆగిపోయింది. ఇది ఫిలిముల సంగతి కాదని అతనికి అర్థమైంది. చేయి చాచి బావ భుజం మీద దుమ్ము దులిపాడు. దుమ్మేమీ లేదు.

"వచ్చినప్పుడు కూర్చుంటాలే బావా" అన్నాడు చివరికి.

"ఎప్పుడొస్తావు?"

డ్రైవరు గేరు వేశాడు. తలుపు మూసుకుంది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగింది. రమ్మన్నట్టో, వెళ్ళమన్నట్టో తెలియలేదు. మలుపు తిరిగేదాకా ఫోటోగ్రాఫరు ఆ చెయ్యినే చూశాడు. ముఖం కనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"ఏమన్నాడు?"

"వచ్చినప్పుడు కూర్చుంటానన్నాడు."

ఆమె తల ఊపింది. లోపలికి నడిచింది. డార్క్‌రూమ్ తలుపు బార్లా తీసి ఉంది. లైటు వెలుగుతోంది. ఫిలిములు బయట ఉండగా ఆ లైటు వెలగకూడదని ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. బల్ల మీద ఆరు ఫిలిములు ఆ లైటు కిందే పడి ఉన్నాయి.

ఆమె చూసింది. అతను ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు.

మెల్లగా తలుపు మూసింది. చెయ్యి చాచి లైటు ఆర్పింది. ఇప్పటికైనా ఆర్పితే ఎంతో కొంత మిగులుతుందేమో అన్నట్టు, ఆర్పింది.

చీకటి. హైపో వాసన.

బల్ల మీద ఆమె చేతులు తడుముతున్న చప్పుడు — ఒక్కో ఫిలిం... ఒక్కో ఫిలిం...