నిండుగా తిరిగొచ్చిన కప్పు

నాకు ముక్కు మీద కోపం. నోటికి అదుపు లేదు. ఈ రెండూ మా ఆసుపత్రిలో స్వీపరు మొదలు సూపరింటెండెంటు దాకా అందరికీ తెలుసు. అయినా పొద్దున పదింటికి తెరెరె, అంటే అందరం కలిసి తాగే చల్లటి ఆకునీళ్ళు, కలిపే పని మాత్రం ఇరవై తొమ్మిదేళ్ళుగా నా చేతిలోంచి ఎవరూ లాక్కోలేదు. గేటు దగ్గర ఆకులమ్మే ఆవిడ దగ్గర పుదీనా, నిమ్మగడ్డి కొనుక్కొస్తాను. వాటిని రోట్లో దంచి మంచునీళ్ళ కూజాలో వేస్తాను. ఆవుకొమ్ముతో చేసిన కప్పు ఒక్కటే, పీల్చే గొట్టం ఒక్కటే, మనుషులం ఎనిమిది మందిమి. నేను పోస్తాను, ఒకరు తాగి కప్పు తిరిగిస్తారు, మళ్ళీ పోసి పక్కవాళ్ళకిస్తాను. చాలనుకున్నవాళ్ళు థాంక్స్ చెప్పి తప్పుకుంటారు. అడుగంటా పీలిస్తే గొట్టం గుర్రుమంటుంది. ఆ గుర్రు వింటేనే నాకు తృప్తి.

మాది నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు. అరచేతిలో పట్టే పిల్లలు, అద్దాల పెట్టెలు, ఆగకుండా కూసే యంత్రాలు. ఆ పదిహేను నిమిషాల తెరెరె లేకపోతే మాలో సగం మందికి ఎప్పుడో పిచ్చెక్కేది.

ఆగస్టులో రాజధాని నుంచి మా ఫోన్లలోకి ఒక యాప్ దిగింది. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళ మనసు కనిపెట్టుకుని ఉంటుందట. దాని పేరు మా గ్వారానీ భాషలో ‘ఎలా ఉన్నావు’ అని. ఆ పేరు పెట్టినవాడెవడో మా దేశంలో పుట్టలేదనుకుంటాను. మాలో ఎవర్నైనా ఎలా ఉన్నావని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, బాగున్నాను. పాడె మీద ఉన్నవాణ్ణి అడిగినా బాగానే ఉన్నానంటాడు.

రోజుకు ఏడు ప్రశ్నలు. నిద్ర పట్టిందా, తిన్నావా, పనికి రావాలంటే భయం వేసిందా, ఇలాంటివి. ఒక్కోదానికి నవ్వే మొహమో ఏడ్చే మొహమో నొక్కాలి. చివర్లో ఏమైనా రాసుకోవడానికి ఒక గడి. వరసగా మూడు రోజులు ఏడ్చే మొహాలు పడితే సైకాలజిస్టు ఫోన్ చేసి మాట్లాడుతుంది. మాట బయటికి పోదన్నారు. మా హెడ్ నర్సు బ్లాసిదా, రోజూ పదిన్నరకల్లా అందరూ నింపి తీరాలని హుకుం జారీ చేసింది.

మేం చేసిన తప్పు ఇక్కడే ఉంది. ఆ తప్పు మాలాంటివాళ్ళే చెయ్యగలరు. తెరెరె ఒకరు పోస్తే అందరూ తాగుతారు కదా, ఇదీ అలాగే అనుకున్నాం. కళ్ళజోడు కొత్తది నాది, వేలు చురుకైనది నాది. అందరూ ఫోన్లు తెరిచి దూది ట్రేలో పడేసేవాళ్ళు. కప్పు ఒక చుట్టు తిరిగి వచ్చేలోగా నేను ఎనిమిది ఫోన్లలో యాభై ఆరు నవ్వు మొహాలు నొక్కిపారేసేదాన్ని. కోపం వచ్చిందా అనే ప్రశ్న దగ్గర మాత్రం నవ్వొచ్చేది. ఉత్తరం నుంచి వడగాలి తోలిన రోజున ఈ ఊళ్ళో కోపం రానివాడెవడు?

నెల తిరిగేసరికి రాజధాని నుంచి ఒక సర్టిఫికెట్టు వచ్చింది. దేశం మొత్తం మీద ఎక్కువ సంతోషంగా ఉన్న వార్డు మాదేనట. బ్లాసిదా కళ్ళనీళ్ళు పెట్టుకుని దాన్ని ఫ్రిజ్ పక్కన గోడకు అంటించింది.

ఇప్పుడు నిమియా సంగతి. ఎనిమిదేళ్ళ కిందట ఈ పిల్ల వార్డులో చేరిన రోజున సూది పట్టుకుంటే చెయ్యి వణికేది. దారమంత నరాన్ని వేలి కొసతో వెతకడం నేనే నేర్పాను. ఇప్పుడు నాకు దొరకని నరం దానికి దొరుకుతుంది. నాకు పిల్లల్లేరు. ఎవరైనా అడిగితే, నిమియా ఉందిగా అని చెబుతాను. ఆ మాట దాని ముందు ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కి కూర్చుంటుంది.

ఆగస్టు చివర్లో కవల ఆడపిల్లలు పుట్టారు. పదకొండో రోజున అందులో చిన్నది పోయింది, నిమియా డ్యూటీలో, నిమియా చేతుల్లో. ఎవరి తప్పూ లేదు. డాక్టరు చెప్పాడు, నేను చెప్పాను, చివరికి ఆ పిల్ల తల్లి కూడా చెప్పింది. నిమియా అందరికీ తలూపింది. మర్నాడు గంట ముందే వచ్చింది. ఎలా ఉన్నావే అంటే బాగున్నానంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మాకు ఉగ్గుపాలతోనే నేర్పుతారు మరి.

పోసేదాన్ని గనుక నాకు తెలుస్తుంది. దాని చేతికిచ్చిన కప్పు నిండుగా తిరిగొస్తోంది. గొట్టం నోట్లో పెట్టుకుంటుంది, అందరి మాటలకూ నవ్వుతుంది, థాంక్స్ అని తప్పుకోదు, చుక్క మాత్రం తాగదు. రెండు రోజులు చూశాను, నాలుగు రోజులు చూశాను. ఎండలకు వికారంగా ఉందేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకుంటూనే దాని ఫోన్లో రోజూ ఏడు నవ్వు మొహాలు నొక్కాను.

అక్టోబరు ఒకటో తారీఖు వచ్చింది, మంగళవారం. మా పెద్దలు చెప్పే ప్రకారం ఆ రోజున కరువు ముసలాడు గడ్డిటోపీ పెట్టుకుని, కొరడా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కుండలు తొంగి చూస్తాడు. మొక్కజొన్న, బీన్స్ కలిపి వండిన హోపరా కడుపునిండా తిన్నవాళ్ళ జోలికి రాడు. అందుకని వార్డుకు కుండెడు వండి తెచ్చాను. బ్లాసిదా మూడుసార్లు వడ్డించుకుంది. నిమియా గిన్నె ఒళ్ళో పెట్టుకుని చెంచాతో అటూ ఇటూ కదుపుతూ కూర్చుంది. హోపరా వదిలేసిన మనిషిని నా జన్మలో చూడలేదు. ఏదో అనబోయాను. అప్పుడే పెట్టెలో ఒక పిల్లాడి యంత్రం కూసింది, అది లేచి వెళ్ళిపోయింది.

ట్రేలోంచి దాని ఫోన్ తీశాను. తెర మీద యాప్ లేదు, బ్లాసిదాకు రాసిన ఉత్తరం ఉంది. చదవకూడదని తెలుసు. చదివాను. ‘వచ్చే సోమవారం నుంచి ఉద్యోగానికి రాలేను. పిల్లల్ని ముట్టుకుంటే నా చేతులు నావి కాకుండా పోతున్నాయి. దయచేసి ఎవరికీ చెప్పకండి, ముఖ్యంగా న్యా పెత్రోనాకు.’ న్యా పెత్రోనా, అంటే పెత్రోనమ్మ, నేనే. కింద రాబోయే శుక్రవారం తేదీ వేసి ఉంది.

అలవాటుకొద్దీ యాప్ తెరిచాను. నిద్ర పట్టిందా అని అడిగింది. నా వేలు తిన్నగా నవ్వు మొహం మీదికి పోయింది. అప్పుడాగింది. మూడు వారాలుగా ఈ పిల్ల ఏడుస్తుంటే, బాగుంది బాగుంది అని రాజధానికి చెబుతూ వచ్చింది ఈ వేలే. తిట్టుకోవడానికి ఎదురుగా ఇంకెవరూ లేరు. నన్నే తిట్టుకున్నాను, బాగా ఘాటుగానే తిట్టుకున్నాను.

ఆ రోజు దాని ఫోన్లో ఉన్నదున్నట్టు నొక్కాను. నిద్ర లేదు. తిండి లేదు. భయం ఉంది. చివరి గడిలో దాని మాటలుగా రాశాను: ‘తెరెరె తాగుతున్నట్టు నటిస్తున్నాను. పిల్లల కాళ్ళకున్న పేరు పట్టీలు సరిచేస్తాను, మొహాలు మాత్రం చూడను. దుప్పట్ల గదిలోకి రోజుకు ఆరుసార్లు వెళతాను.’ బుధవారం నొక్కాను, గురువారం నొక్కాను. మూడు రోజులు నిండినా ఆ ఫోను మోగకపోతే ఏం చెయ్యాలో తెలియక మేరీమాతకు కొవ్వొత్తి కూడా వెలిగించాను.

శుక్రవారం పొద్దున్నే మోగింది. నిమియా ఫోన్ తీసుకుని దుప్పట్ల గదిలోకి వెళ్ళింది. నలభై నిమిషాలు బయటికి రాలేదు. దాని పెట్టెలు రెండూ నేనే చూసుకున్నాను. వచ్చేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

“నా ఏడుపు కూడా నువ్వే ఏడవాలా న్యా పెత్రోనా?”

“నెల రోజులు నీ నవ్వు నేనే నవ్వానుగా. అప్పుడు ఒక్క మాట అన్నావా?”

జవాబు నోట్లోంచి జారిపోయాక నాలుక కరుచుకున్నాను. అది ట్రేలోంచి ఫోన్ ఛార్జరు కూడా తీసేసుకుని వెళ్ళిపోయింది. ఉత్తరం ఇచ్చిందో లేదో తెలీదు. అడిగే మొహం నాకు లేదు.

మధ్యాహ్నం సైకాలజిస్టు నాకే ఫోన్ చేసింది. మిర్నా అట పేరు, గొంతు వింటే చిన్నపిల్ల. ఉత్తరం చదివిన సంగతి నా నోరే జారింది. ఇంకొకరి జవాబులు నింపడం ఎంత తప్పో, ఇంకొకరి ఉత్తరం చదవడం అంతకంటే ఎంత తప్పో చెప్పి చీవాట్లు పెట్టింది. పడ్డాను. తిట్టడం పూర్తయ్యాక, మీ వార్డులో మిగతా ఏడుగురూ నిజంగా ఎలా ఉన్నారని అడిగింది. తెలియదన్నాను. ఆ మాట అనడానికి సిగ్గేసింది.

సాయంత్రం బ్లాసిదా ముందు అంతా ఒప్పేసుకున్నాను. ఇక నుంచి ఎవరి ఫోను వాళ్ళే నింపాలని తీర్మానం అయింది. పది రోజుల్లో దేశంలో సంతోషంగా ఉన్న వార్డుల జాబితాలో మేం కింది నుంచి రెండో స్థానానికి పడిపోయాం. తెరెరె దగ్గర ఒక్కొక్కరే నోరు విప్పారు: కూతురు పరీక్ష తప్పిందని ఒకరు, మోకాలి నొప్పితో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని ఒకరు, భర్తతో ఏడాదిగా మాటల్లేవని బ్లాసిదానే. సర్టిఫికెట్టు తనే చింపి చెత్తబుట్టలో వేసింది.

సోమవారం నిమియా వచ్చింది. ఉత్తరం ఇవ్వలేదన్నమాట. రెండు వారాల సెలవు మాత్రం అడిగింది. మంగళవారం మంగళవారం మిర్నాతో ఫోన్లో మాట్లాడుతుందని బ్లాసిదా చెబితే తెలిసింది. వెళ్ళేముందు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ రెండు వారాలూ నేను కలిపిన తెరెరె చప్పగా ఏడ్చింది. అందరూ తాగి ఊరుకున్నారు, పాపం.

సెలవయ్యాక నిమియా పదింటికి వచ్చి నా పక్కన తన పాత చోట్లోనే కూర్చుంది. అద్దాల పెట్టెలో కవల పిల్లల్లో బతికిన పెద్దది అప్పటికి రెండు కేజీల దాకా వచ్చింది. మర్నాడు ఇంటికి వెళుతోంది. దాని మొహం చూసి వచ్చావా అని అడగాలనిపించింది. అడగలేదు. కప్పు నింపి చేతికిచ్చాను.

అది తాగలేదు. కప్పు పట్టుకుని నా వంక చూసింది.

“ఆ జవాబులు నేను నింపలేదని మిర్నాతో మొదటిరోజే చెప్పేశాను,” అంది. “అయితే నిన్ను అంత దగ్గరగా చూస్తున్న మనిషి ఎవరమ్మా అని అడిగింది. చెప్పాను.”

“ఏమని చెప్పావ్?”

“మా అమ్మ అని.”

ఎదురుగా బ్లాసిదా ముక్కు చీదుకుంది.

“నువ్వెలా ఉన్నావు న్యా పెత్రోనా?” అంది నిమియా.

యాభై ఎనిమిదేళ్ళుగా ఆ ప్రశ్నకు నేను ఇచ్చే జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

“బాగాలేనే తల్లీ. నువ్వు మాట్లాడకపోతే అస్సలు బాగాలేను.”

అది తల వంచి గొట్టం నోట్లో పెట్టుకుంది. గుక్క వెనక గుక్క పీల్చింది. అడుగంటింది, గుర్రుమంది. కప్పు నా చేతికిచ్చి మూతి తుడుచుకుంది.

“ఇంకోటి పొయ్యి,” అంది.